వెంకటగిరి చరిత్ర సేకరణకు పూనుకున్న మేనకోడలికి

పశ్చిమ మాంబళం,
చెన్నై.

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

నీవూ, చెన్నైలో స్థిరపడిన మన ఊరి పిల్లలు మరికొందరూ కలిసి సెలవు రోజుల్లో వెంకటగిరి వెళ్ళి ఊరి చరిత్ర సేకరించాలని అనుకుంటున్నట్టు, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని రాశావు. ఎగ్మూరు రికార్డాఫీసుతో, అంటే పాత ప్రభుత్వ కాగితాలు దాచే తమిళనాడు ఆర్కైవ్స్‌తో, మొదలుపెడదామని మీలో కొందరు అంటున్నారట. పాత కాగితాల మధ్యనే ఉద్యోగం ముగించిన నేను ఈ మాట అనడం వింతగా ఉండవచ్చు గాని, అక్కడికి తర్వాత వెళ్ళండి. ఆ కాగితాలకు కాపలా ఉంది, జాబితా ఉంది, పైన కప్పు ఉంది. తొంభై ఏళ్ళ ముసలమ్మకూ, పాత కరణంగారి ఇంట్లో చెదలు పడుతున్న పెట్టెకూ, జీర్ణోద్ధరణ పేరుతో రేపో మాపో సున్నం పడబోతున్న గుడి గోడకూ అవేమీ లేవు. ఏది ముందు పోయేలా ఉందో దాన్ని ముందు పట్టుకోండి.

మనుషులతో మాట్లాడే పద్ధతి గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే కొత్తవాళ్ళు ఎక్కువగా పాడుచేసేది దీన్నే. గుంపుగా వెళ్ళవద్దు, ఇద్దరు చాలు, ఒకరు మాట్లాడడానికి, ఒకరు రికార్డు చేస్తూ రాసుకోవడానికి. రికార్డింగు మొదలుకాగానే తేదీ, స్థలం, మాట్లాడుతున్నవారి పేరు, వయసు మీ గొంతుతోనే చెప్పండి. ఈ రికార్డింగును దేనికి వాడతారో ముందే వారికి చెప్పి ఒప్పుకోలు తీసుకోండి. ఫలానా మాట బయటపెట్టవద్దని వారంటే ఆ మాట బయటికి రాకూడదు. "ఊరి చరిత్ర చెప్పండి" అని అడిగితే ఎవరైనా రాజావారి గురించీ, తాము ఇదివరకు చదివినదాని గురించీ చెబుతారు. "మీ వీధికి ఆ పేరెలా వచ్చింది, మంచినీళ్ళు ఏ బావి నుంచి తెచ్చుకునేవారు, ఆ బావి దగ్గరికి ఎవరెవరిని రానిచ్చేవారు కాదు" అని అడిగితే తాము బతికినది చెబుతారు. మగ్గాల ఇళ్ళలో నేతకు నూలు సిద్ధం చేస్తూ ఆసు పోసినవారినీ, కండెలు చుట్టినవారినీ అడగండి. చీర నేసినవాడి పేరు ఎక్కడైనా దొరకవచ్చు గాని కండె చుట్టిన భార్య పేరు ఏ రికార్డులోనూ ఉండదు. పోలేరమ్మ జాతరలో ఏ పని ఏ ఇంటివారిదో, ఆ హక్కు ఎప్పుడు ఎలా చేతులు మారిందో, ఆ పని చేసేవారి నోటనే వినాలి. దళితవాడకు చివర్లో తీరిక ఉంటే వెళ్దామనుకుంటే ఆ తీరిక ఎన్నటికీ రాదు, కాబట్టి మొదటి నెలలోనే వెళ్ళండి. రాజావారి బంగళా గురించి రాయడానికి ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు.

కాలనిర్ణయం విషయంలో ఒక కిటుకు చెబుతాను. "సుమారు ఎప్పుడు" అని అడిగితే పెద్దవాళ్ళు ఏదో ఒక ఏడాది చెప్పి మిమ్మల్ని తృప్తిపరుస్తారు. ఆడవాళ్ళను "మీరు కాపురానికి వచ్చేనాటికే ఆ చెరువు పూడిపోయిందా" అని అడగండి. పెళ్ళి, పెద్దకొడుకు పుట్టుక వంటివి వాళ్ళ జ్ఞాపకంలో కదలని గుర్తులు. సంవత్సరం పేరు చెబితే అరవై ఏళ్ళ చక్రం మరచిపోవద్దు. 1876లో మొదలైన పెద్ద కరువును మనవాళ్ళు ధాత కరువు అన్నారు, కాని ధాత 1936లోనూ వచ్చింది, 1996లోనూ వచ్చింది. చెప్పే మనిషి వయసు, ఆయనకు ఆ మాట చెప్పిన తాతగారి వయసు లెక్కగట్టకుండా ఏడాది వేయకూడదు. రెవెన్యూ కాగితాల్లో ఫసలీ అనే శిస్తు లెక్కల సంవత్సరం కనిపిస్తుంది. దానికి 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, జూలైలో మొదలై మరుసటి జూన్‌లో ముగుస్తుంది. ఫసలీ 1318 అంటే 1908-09. శాసనాల్లోని శక సంవత్సరానికి 78 కలపాలి. మార్చిన తేదీతో పాటు మూలంలో ఉన్న తేదీని కూడా తప్పక రాసి ఉంచండి.

ఇక కాగితాలు. మన ఊరు రైతువారీ ప్రాంతం, అంటే రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టే ప్రాంతం, కాదు. 1802 పర్మనెంటు సెటిల్మెంటు నుంచి 1948 ఎస్టేట్ల రద్దు చట్టం దాకా వెలుగోటివారి జమీందారీ కావడంతో శిస్తు లెక్కలు దివాణం, అంటే జమీందారు కచేరీ, చేతిలోనే ఉండేవి. అందువల్ల రైతువారీ తాలూకాల గ్రామాలకు దొరికే పాతకాలపు సెటిల్మెంటు రిజిస్టర్ల వంటివి మనకూ దొరుకుతాయని వెతికి నిరాశపడవద్దు. దివాణంలో పనిచేసిన గుమాస్తాల వారసుల ఇళ్ళూ, కరణాల ఇళ్ళూ చూడండి. 1984లో కరణీకాలు రద్దయినప్పుడు ప్రభుత్వానికి అప్పగించకుండా మిగిలిన కట్టలు అటకల మీద ఉండే అవకాశం ఉంది. పాత క్రయదస్తావేజు ఎవరైనా చూపిస్తే అమ్మినవాడి పేరు, ధర రాసుకుని లేచి రాకండి. అందులోని నాలుగు హద్దులే మీకు అసలు సంపద: తూర్పున ఫలానావారి దొడ్డి, ఉత్తరాన రాజవీధి, దక్షిణాన ఊటబావి అంటూ ఒకే వీధిలోని నాలుగైదు ఇళ్ళ దస్తావేజులు పక్కపక్కన పెడితే ఆ కాలపు వీధి మొత్తం కాగితం మీద తేలుతుంది. బడి ప్రవేశ రిజిస్టర్లు కూడా అంతే విలువైనవి, కాని వాటిలోని పేర్లూ కులాలూ బతికున్నవారివి అయితే బయటపెట్టడానికి వీల్లేదు.

ఏ ఇంటి కాగితాన్నీ మీతో తెచ్చుకోవద్దు, ఇస్తామన్నా సరే. అక్కడే కూర్చుని ఫొటో తీసుకుని, కాగితాన్ని యథాస్థానంలో పెట్టి రండి. చిరిగినదాన్ని టేపుతో అంటించడం, లామినేషను చేయించడం ఉపకారం అనుకుని చేసే అపకారం. టేపు జిగురు కొన్నేళ్ళకు కాగితాన్ని పసుపు చేసి తినేస్తుంది, లామినేషనును మళ్ళీ ఊడదీయలేం. ఫొటోల వెనుక బాల్‌పెన్నుతో రాయవద్దు, మెత్తని పెన్సిలు వాడండి.

రాళ్ళ విషయంలో మీరు చేయవలసినదానికంటే చేయకూడనిదే ఎక్కువ. అక్షరాలు కనబడడానికి సుద్దముక్కతో దిద్దడం, నూనె పూయడం, ఇనుప బ్రష్షుతో తోమడం వద్దు. సాయంత్రం ఏటవాలు ఎండలోనో, చీకటి పడ్డాక పక్కనుంచి టార్చిలైటు వేసో ఫొటో తీస్తే అరిగిన అక్షరం కూడా నీడతో లేస్తుంది. పక్కన స్కేలు పెట్టి తీయండి. తర్వాత ఆ శాసనం ఇదివరకే అచ్చయిందేమో చూడాలి. 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల శెట్టి తాలూకాల వారీగా ప్రకటించిన నెల్లూరు జిల్లా శాసనాల మూడు సంపుటాలు మొదట తిరగెయ్యండి, ఆపైన వార్షిక శాసన నివేదికలు చూడండి. వాటిలో లేకపోతే మైసూరులోని కేంద్ర శాసన విభాగానికి ఫొటోలు పంపి రాయండి. రాతి మీది అక్షరాలకు కాగితం అద్ది నకలు తీసే పని వాళ్ళది. గుడి రాళ్ళను ఇసుకను జోరుగా చిమ్మే శాండ్‌బ్లాస్టింగుతో శుభ్రం చేయిస్తామని ఎవరైనా అంటే మాత్రం వెంటనే దేవాదాయ శాఖకు ఉత్తరం రాయండి, మా తమిళదేశపు గుళ్ళలో ఆ పద్ధతి ఎన్ని అక్షరాలను మింగిందో చూస్తూనే ఉన్నాం.

మీ అందరి ఉద్యోగాలూ ఇక్కడే కనుక వారం మధ్యలో వీలుచిక్కినప్పుడు చెన్నై పని చేసుకోవచ్చు. కొట్టూరుపురంలో అణ్ణా శతవార్షిక గ్రంథాలయ భవనంలో ఉన్న ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి వెళ్ళి కైఫీయతులు అడగండి. రెండు వందల ఏళ్ళ కిందట కంపెనీ సర్వే అధికారి కల్నల్ మెకంజీ కోసం కావలి సోదరులు, వారి తోటివారు ఊరూరా తిరిగి కరణాలనూ పెద్దలనూ అడిగి రాయించినవి అవి. మీరు చేయబోతున్న పనికి పూర్వరూపం అని చదవండి, కాని చెప్పినవాడి స్వార్థం కూడా అందులో ఉంటుందని మరవవద్దు. ఎగ్మూరులో బోర్డ్ ఆఫ్ రెవెన్యూ ప్రొసీడింగ్స్ సూచికలు పట్టండి. ఊరు ఇప్పుడు ఏ జిల్లాలో ఉన్నా పాత సూచికల్లో నెల్లూరు జిల్లా కిందే వెతకాలి, ఇంగ్లీషు స్పెల్లింగు రకరకాలుగా ఉంటుంది. 1873 నాటి బాస్వెల్ నెల్లూరు జిల్లా మాన్యువల్ కన్నెమరా గ్రంథాలయంలో అడిగి చూడండి.

వెలుగోటివారి వంశావళిని నేలటూరి వెంకటరమణయ్యగారు పరిష్కరించగా మద్రాసు విశ్వవిద్యాలయం 1939లో ప్రచురించింది. యుద్ధాల పేర్లకూ వంశక్రమానికీ అది ఆధారమే గాని, పొగడడానికి పుట్టిన పద్యాన్ని పంచనామాగా చదవకూడదు. ఊరికి పూర్వం కలిమిలి అనే పేరు ఉండేదని మనమందరం చెప్పుకుంటాం; ఆ మాట ఏ శాసనంలో, ఏ గ్రంథంలో, ఏ పుటలో ఉందో చూసిన తర్వాతే రాయండి. స్థలపురాణాన్ని కొట్టివేయవద్దు, స్థలపురాణమని పేరుపెట్టి విడిగా ఉంచండి. ఒకే సంఘటనను రెండు కులాలవారు రెండు రకాలుగా చెబితే తీర్పరిగా కూర్చోకుండా రెండూ రాసి, ఎవరు ఏది చెప్పారో పక్కన పెట్టండి. దీనివల్ల ఊళ్ళో ఇద్దరికీ మీ మీద కోపం వస్తుంది, దానికి సిద్ధపడే ఉండండి.

సేకరించిన ప్రతిదానికీ ఒక సంఖ్య, ఎవరి దగ్గర, ఎప్పుడు, ఎవరు తీసుకున్నారు అన్న వివరం అదే రోజు రాత్రి నోటుపుస్తకంలో ఎక్కాలి. వారం ఆగితే సగం గుర్తుండదు. రికార్డింగులూ ఫొటోలూ మూడు చోట్ల ఉంచండి, అందులో ఒకటి వెంకటగిరిలోనే ఉండాలి, ఎందుకంటే అది ఆ ఊరివారి సొత్తు. ఒక ఇంటివారు ఇచ్చిన దాని ప్రతిని ఆ ఇంటికే తిరిగి ఇవ్వడం మీ మర్యాద, రెండోసారి తలుపు తెరిపించేదీ అదే.

ఎగ్మూరుకు మొదటిసారి వెళ్ళే రోజు గుర్తింపుకార్డు, మీరు చేస్తున్న పని ఏమిటో తెలిపే పరిచయపత్రం వెంట ఉంచుకోండి, పెన్నుకు బదులు పెన్సిలు తీసుకెళ్ళండి. ముందురోజు నాకు ఫోను చెయ్యి, సూచిక పుస్తకాలు ఎలా చదవాలో చూపించడానికి నేనూ వస్తాను. కాని అంతకంటే ముందు బ్రాహ్మణ వీధి, సాలె వీధి, దళితవాడ పెద్దవాళ్ళ జాబితా వయసు క్రమంలో వేసి నాకు పంపించు.

ఇట్లు,
నీ మామయ్య