కెప్టెన్ టేబుల్ దగ్గర రెండు కుర్చీలు

శిరీషా,

నీ మెసేజ్ చూశాను. మీ అమ్మానాన్నలకి, అదే మా అక్కా బావగారికి, నలభయ్యో పెళ్లిరోజని వాళ్లని అలాస్కా క్రూయిజ్ ఎక్కిస్తున్నావంటే చాలా సంతోషం వేసింది. ఒక్క రాత్రయినా వాళ్లు కెప్టెన్‌తో కూర్చుని భోంచెయ్యాలని, అందుకు ఎవరికి ఫోన్ చెయ్యాలో చెప్పమని అడిగావు. ఫోన్ చెయ్యడానికి ఎవరూ లేరమ్మా. నేను ఓడ ఉద్యోగం వదిలి దిగేశాక నాతోపాటు డైనింగ్ హాల్ చూసినవాళ్లూ చాలామంది దిగిపోయారు. ఉన్నా ఇది సిఫార్సుతో అయ్యే పని కాదు. కాకపోతే అడిగే పద్ధతి ఒకటుంది. అది తెలియక చాలామంది ఆఖరి రోజు గెస్ట్ సర్వీసెస్ కౌంటర్ దగ్గరికి వెళ్లి "మమ్మల్ని ఎందుకు పిలవలేదు" అని గొడవపడతారు.

ఆ టేబుల్ దగ్గర ఎవరు కూర్చోవాలో చాలా ఓడల్లో కెప్టెన్ స్వయంగా ఎంచుకోడు. ఓడలో గదులూ భోజనాలూ చూసే హోటల్ డైరెక్టర్ ఆఫీసులో లిస్టు తయారవుతుంది, డైనింగ్ హాల్ పెద్ద అయిన మెత్ర డీ తనకి తెలిసిన పేర్లు చెబుతాడు, కెప్టెన్ చూసి సరే అంటాడు. లిస్టులో ముందు ఖరీదైన పెద్ద గదులు (సూట్లు) తీసుకున్నవాళ్లు ఉంటారు. తర్వాత ఆ కంపెనీ ఓడల్లోనే ఏళ్లుగా తిరుగుతున్న పాత ప్రయాణికులు. వాళ్ల కోసం ఒక్కో కంపెనీకి ఒక్కో క్లబ్బు ఉంది. ప్రిన్సెస్ వాళ్లది కెప్టెన్స్ సర్కిల్, హాలండ్ అమెరికా వాళ్లది మారినర్ సొసైటీ, రాయల్ కరీబియన్ వాళ్లది క్రౌన్ అండ్ యాంకర్. ఈ చివరిదాంట్లో పై మెట్టు ఎక్కాలంటే 700 పాయింట్లు కావాలి. మామూలు గదిలో రాత్రికి ఒక పాయింటు చొప్పున లెక్కేసుకుంటే ఎన్నాళ్లు సముద్రం మీద గడపాలో నువ్వే చూడు. పెళ్లిలో మొదటి బంతి వియ్యాలవారిదన్నట్టు, వీళ్లంతా కూర్చున్నాక మిగిలిన ఆకులే మనలాంటివాళ్లవి. అయినా ఆ మిగిలినవి ఎప్పుడూ ఉంటాయి. టేబుల్ నిండా పాత ప్రయాణికులే అయితే పాయింట్ల ముచ్చట్లతోనే సరిపోతుంది. మొదటిసారి ఓడెక్కిన జంట ఒకటి పక్కనుంటే అందరికీ హాయి. నేనైతే అలాంటి ఒక జంట కోసం వెతికేవాణ్ణి.

ఇంకో మాట కూడా ముందే చెబుతున్నా, తర్వాత నిరుత్సాహపడొద్దు. ఇలాంటి విందుకి అలాస్కా అంత అనువైన దారి కాదు. సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్ వెళ్లే క్వీన్ మేరీ 2 లాంటి ఓడకి దారి పొడుగునా సముద్రమే కాబట్టి కెప్టెన్‌కి సాయంత్రాలు దొరుకుతాయి. అలాస్కాలో అలా కాదు. దీవుల మధ్య ఇరుకు దారులు, రోజుకో రేవు, ఓడకి దారి చూపే లోకల్ పైలట్లు ఎక్కడం దిగడం. మంచునదులు చూపించే గ్లేసియర్ బేలో రోజుకి రెండు పెద్ద క్రూయిజ్ ఓడలనే రానిస్తారు, ఆ రోజంతా కెప్టెన్ ఓడ నడిపే గది, అదే బ్రిడ్జి, వదలడు. అందుకని ఏడు రాత్రుల ప్రయాణంలో అతను తీరిగ్గా భోజనానికి కూర్చోగలిగేది ఒకటి రెండు సాయంత్రాలే. చాలా ఓడల్లో విందు బట్టలు వేసుకునే ఫార్మల్ నైట్లు కూడా ఆ రోజుల్లోనే పెడతారు. సియాటిల్ నుంచి బయలుదేరే ఓడల్లో మొదటిది మామూలుగా రెండో రోజు, ఏ రేవులోనూ ఆగని రోజు పడుతుంది. అంటే నీకున్న టైము ఓడ ఎక్కిన తర్వాత ఒకటిన్నర రోజు. ఏం చేసినా ఆలోపే చెయ్యాలి.

బుక్ చేసేటప్పుడే ట్రావెల్ ఏజెంటు చేత పెళ్లిరోజు సంగతి రాయించు. స్పెషల్ అకేషన్ అని ఒక గడి ఉంటుంది, అది ఖాళీగా వదిలెయ్యొద్దు. ఏజెంటు ఆ కంపెనీకి బాగా బిజినెస్ ఇచ్చే మనిషైతే వాళ్లే ఓడకి ఒక మెయిల్ పెట్టగలరు, అడిగి చూడు. డైనింగ్ టైము అడిగినప్పుడు ఎప్పుడైనా వచ్చి తినే పద్ధతి వద్దు. రోజూ ఒకే టైముకి, ఒకే టేబుల్ దగ్గర కూర్చునే పద్ధతి తీసుకో. రోజుకో మూల తింటే మెత్ర డీకి మీ మొహాలు గుర్తుండవు.

ఓడ ఎక్కిన మధ్యాహ్నం అందరూ బఫే మీద పడతారు. నువ్వు ఆ పూట మెయిన్ డైనింగ్ హాల్‌కి వెళ్లు. టేబుళ్లు మార్చమని వచ్చేవాళ్ల కోసం మెత్ర డీ తలుపు దగ్గరే చిన్న బల్ల వేసుకుని కూర్చుంటాడు. అక్కనీ బావగారినీ వెంట తీసుకెళ్లి పరిచయం చెయ్యి. "వీళ్లు మా అమ్మానాన్నా, వైజాగ్ నుంచి వచ్చారు, ఈ వారం వీళ్ల నలభయ్యో పెళ్లిరోజు, కెప్టెన్‌తో గానీ ఎవరైనా ఆఫీసర్‌తో గానీ కూర్చునే అవకాశం ఉంటే వీళ్లని గుర్తుపెట్టుకోండి" అని చెప్పి వచ్చెయ్. అంతకంటే ఒక్క మాట ఎక్కువొద్దు. చేతిలో డాలర్లు అసలు పెట్టొద్దు. మంచి టేబుల్ ఇచ్చినందుకు టిప్పు వేరు. ఈ విషయంలో డబ్బు పెడితే నాకైతే ఆ పేరు రాయబుద్ధయ్యేది కాదు.

అదే సాయంత్రం హోటల్ డైరెక్టర్‌కి చేత్తో ఒక చిన్న ఉత్తరం రాసి గెస్ట్ సర్వీసెస్‌లో ఇవ్వు. ఆయన ఫొటో, పేరు ఆ చుట్టుపక్కల గోడ మీదే ఉంటాయి. అయిదారు వాక్యాలు చాలు. గది నంబరు మర్చిపోకు. అందులో బావగారి సంగతి తప్పకుండా రాయి. వాల్తేరు డివిజన్‌లో లోకో పైలట్‌గా చేసి, కిరండూల్ నుంచి ఇనుప ఖనిజం లోడుతో అరకు ఘాట్ మీదుగా రైళ్లు దింపిన మనిషని రాయి. పెళ్లిరోజులు ప్రతి ఓడలోనూ యాభై ఉంటాయి. రైలు నడిపిన మనిషి ఒక్కడే ఉంటాడు. ఆ లిస్టు చూసే కెప్టెన్‌కి కన్ను ఆగేది అక్కడే. ఎందుకంటే ఆపితే వెంటనే ఆగని బరువైన దాన్ని రాత్రిపూట నడిపించడం ఏమిటో అతనికీ తెలుసు.

ఇక ఎవరికీ తెలియని కిటుకు ఒకటి చెబుతా. సియాటిల్ ఓడలు చాలావరకు రెండో రోజు వాంకూవర్ దీవికి పడమటి పక్క నుంచి, పసిఫిక్ మహాసముద్రంలోంచి వెళతాయి. అక్కడ ఓడ బాగా ఊగుతుంది. పిలుపు అందుకున్నవాళ్లలో ఒకరిద్దరు మధ్యాహ్నానికల్లా కడుపు పట్టుకుని మంచమెక్కుతారు. సాయంత్రం నాలుగు, అయిదు గంటల వేళ ఆ కుర్చీలు నింపడానికి మెత్ర డీ హడావిడిగా ఫోన్లు చేస్తాడు. ఆ టైములో అక్కా బావగారూ గదిలోనే ఉండాలి, బట్టలు సిద్ధంగా ఉండాలి. పొద్దున్నే వాంతుల మాత్ర వేసుకోమను, ఏది వెయ్యాలో డాక్టర్ని ముందే అడిగి పంపించు.

బట్టల గురించి అక్క ఏదైనా గౌను కొనాలా అని అడిగిందట. నవ్వొచ్చింది. గద్వాల్ చీరో ఉప్పాడ చీరో కట్టుకుంటే ఆ హాల్లో అందరి కళ్లూ అటే తిరుగుతాయి. ఏసీ మాత్రం చంపేస్తుంది, శాలువా ఉండాలి. చీర ఇక్కడే ఇస్త్రీ చేయించి తెచ్చుకోమను. నిప్పు భయంతో గదుల్లో ఇస్త్రీ పెట్టె వాడనివ్వరు, పెట్టెలో కనబడితే తీసి దాచేసి దిగేటప్పుడు ఇస్తారు. బావగారికి ముదురు రంగు సూటు, టై. లేదంటే బంద్‌గలా ఇంకా బాగుంటుంది, టై ముడి గోల ఉండదు.

భోజనం విషయంలో రెండు జాగ్రత్తలు. కెప్టెన్ టేబుల్‌కి మెనూ చాలావరకు ముందే ఖాయమై ఉంటుంది, అక్కడ కూర్చున్నాక "నేను శాకాహారిని" అంటే వంటగది తలకిందులవుతుంది. బుకింగ్‌లో ఒకసారి, పిలుపు కార్డుకి జవాబు చెప్పేటప్పుడు ఇంకోసారి చెప్పు. ఒట్టి వెజిటేరియన్ అంటే చాలదు. చేప, గుడ్డు కూడా వద్దని, సూప్‌లో మాంసం రసం, స్వీట్‌లో జెలటిన్ ఉండకూడదని విడమరిచి చెప్పు. వినేవాళ్లలో మనవాళ్లు కూడా ఉండొచ్చు, మన దేశం కుర్రాళ్లు డైనింగ్ హాళ్లలో బోలెడంతమంది. రెండోది, బుక్ చేసేముందు వారం చూసుకో. ఓడ శుక్రవారం బయలుదేరితే మొదటి ఫార్మల్ నైట్ శనివారమే పడే అవకాశం ఎక్కువ. అక్కకి శనివారం ఒంటిపూట. అన్ని రకాలు ముందుపెట్టుకుని ఆవిడ మంచినీళ్లు తాగుతూ కూర్చుంటే పక్కవాళ్లకి ఇబ్బంది, ఆవిడకీ ఇబ్బంది.

పిలుపు వస్తే గది తలుపు దగ్గర కవరులో కార్డు పెడతారు. వెంటనే ఫోన్ చేసి వస్తామని చెప్పాలి. వెళ్లలేకపోయినా చెప్పాలి, ఆ కుర్చీ ఇంకొకరికి ఇస్తారు. కార్డు మీద ఇద్దరి పేర్లే ఉంటే ఇద్దరే వెళ్లాలి. నువ్వూ అల్లుడూ పిల్లాణ్ణి ఎత్తుకెళ్లి టేబుల్ వెనక నిలబడి వీడియోలు తియ్యొద్దు, ఓడ ఫొటోగ్రాఫర్ తీస్తాడు. చాలా ఓడల్లో ముందు ఏదో ఒక బార్ దగ్గర అందరినీ కలిపి, తర్వాత వరసగా హాల్లోకి తీసుకెళతారు. చెప్పిన టైముకి అయిదు నిమిషాలు ముందే ఉండాలి. కెప్టెన్ భుజం మీద నాలుగు బంగారు పట్టీలు ఉంటాయి, గుర్తుపట్టడం కష్టం కాదు. ఆడమనిషైనా కావచ్చు సుమా. 2015లోనే కేట్ మెక్యూ సెలబ్రిటీ అనే క్రూయిజ్ కంపెనీ ఓడకి కెప్టెనయింది. బావగారు ఆవిణ్ణి దాటుకుని వెనక ఉన్న మగ ఆఫీసర్‌కి నమస్కారం పెట్టకుండా చూడు. అన్నట్టు నమస్కారమే పెట్టమను. వాంతులు విరేచనాల వైరస్ ఓడల్లో త్వరగా అంటుకుంటుందని చాలామంది కెప్టెన్లు చేతులు కలపడం మానేశారు.

టేబుల్ దగ్గర బావగారి భయమంతా ఫోర్కుల గురించి కదా. ఎన్ని ఉన్నా ఒకటే లెక్క, బయటివైపువి ముందు, ఒక్కో వంటకానికీ లోపలికి జరుగుతూ రావాలి. ఎడమపక్క చిన్న ప్లేటు మనది, కుడిపక్క గ్లాసులు మనవి. అది తప్పితే పక్కవాడి రొట్టె తినేస్తాం. రొట్టె చేత్తోనే తుంచుకోవాలి, కాబట్టి ఆ కాస్తసేపు ఆయనకి ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది. కెప్టెన్ మొదలుపెట్టాకే మనం మొదలుపెట్టాలి. తినడం అయిపోయాక కత్తీ ఫోర్కూ పక్కపక్కన పెడితే ప్లేటు తీసేస్తారు, విడివిడిగా పెడితే ఇంకా తింటున్నారనుకుంటారు. వైన్ పోయబోతే గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టి నవ్వితే చాలు. ఏమీ అనుకోరు. కెప్టెన్ కూడా చాలాసార్లు మంచినీళ్లతోనే చీర్స్ చెబుతాడు.

మాటల్లో మూడు ముచ్చట్లు వద్దు. "మీరిక్కడ తింటుంటే ఓడ ఎవరు నడుపుతున్నారు" అన్న జోకు ప్రతి కెప్టెనూ వారం వారం వింటాడు, అయినా మర్యాద కోసం నవ్వుతాడు. టైటానిక్ ఊసెత్తొద్దు. 1912 ఏప్రిల్ 14 రాత్రి ఆ కెప్టెన్ స్మిత్ కూడా వైడెనర్ దంపతులిచ్చిన విందులో కూర్చున్నవాడే, అది వీళ్లందరికీ తెలుసు. వైఫై స్లోగా ఉంది, గదిలో ఫ్లష్ పనిచెయ్యట్లేదు లాంటివి కూడా అక్కడొద్దు, వాటికి కౌంటరుంది. బావగారికి మాట్లాడ్డానికి సరుకు తక్కువేం కాదు. అలాస్కా రేవు స్కాగ్‌వేలో వైట్ పాస్ రైలుందని చెప్పు, 1900లో పూర్తయిన నారోగేజ్ కొండదారి. దాని గ్రేడియంట్, అదే ఎక్కుడు వాలు, గురించి ఆయన ఒక్క ప్రశ్న వేస్తే చాలు. ఇంగ్లీషు తడబడినా ఫర్వాలేదు. చాలామంది కెప్టెన్లకీ అది సొంత భాష కాదు. అక్కని మాత్రం ఎదుటివాళ్ల జీతం, పిల్లలెందరు అని అడగొద్దని నేనే చెబుతాలే, నువ్వు చెబితే అలుగుతుంది.

మర్నాడు మెత్ర డీకి రెండు వాక్యాల థాంక్యూ కార్డు ఇవ్వండి. ఆ కార్డులు దాచుకునేవాళ్లం మేము.

ఒకవేళ పిలుపు రాకపోతే మళ్లీ మళ్లీ అడగొద్దు. చీఫ్ ఇంజనీరో, కెప్టెన్ తర్వాతి స్థానంలో ఉండే స్టాఫ్ కెప్టెనో కూర్చునే టేబుల్ ఇస్తామంటే ఎగిరి గంతెయ్యి, ఇంజనీర్లు కెప్టెన్ల కంటే మంచి కబుర్లు చెబుతారని నా అభిప్రాయం. డబ్బు కట్టి కూర్చునే షెఫ్స్ టేబుల్ కొన్ని ఓడల్లో ఉంది, కానీ అక్కకి అక్కడ తినేవి తక్కువ. బ్రిడ్జి చూపించే టూర్ ఉందేమో కూడా మొదటి రోజే కనుక్కో, సీట్లు తక్కువ. నన్నడిగితే బావగారు విందు కంటే దానికే ఎక్కువ మురిసిపోతారు. ఆయన్ని ఒకసారి ఊరికే అడిగి చూడు. ఏది ముందో తేలితే ఆ ఉత్తరంలో దాన్నే ముందు రాయొచ్చు.

ఏ వారం బయలుదేరే ఓడో ఖాయం కాగానే నాకు వాట్సాప్ చెయ్యి. మన టైలర్ బంద్‌గలాకి మూడు వారాలు అడుగుతున్నాడు. కొలతలకి బావగారిని నేనే తీసుకెళతాను.

మీ మామయ్య