ఆన్‌లైన్ చెస్ బ్లిట్జ్‌లో 2150 రేటింగ్ ఉన్న ఆట బోర్డు మీద ఎంతవరకు నిలుస్తుంది?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. గాజువాక నుంచి అడిగినవారికి ఆన్‌లైన్ చెస్ సైట్ లైచెస్‌లో 3+0 బ్లిట్జ్ (ఒక్కొక్కరికి మూడు నిమిషాలు) రేటింగ్ 2150, 15+10 ర్యాపిడ్ (పదిహేను నిమిషాలు, ప్రతి ఎత్తుకి పది సెకన్లు అదనం) రేటింగ్ 1930. తెల్లతో లండన్ ఓపెనింగ్ ఆడతారు. నల్లతో అయితే ఇ4కి కారో-కాన్, డి4కి కింగ్స్ ఇండియన్. ఆరు వారాల్లో విశాఖలోనే మొదటి ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) రేటెడ్ టోర్నమెంటు, టైమ్ కంట్రోల్ 90+30. అరవై ఆటలు జతచేసి, తన స్టైల్ ఏమిటో, బలమేమిటో, ఏం సరిచేసుకోవాలో చెప్పమన్నారు.

ఆటల కన్నా ముందు ఆ రెండు అంకెల సంగతి. లైచెస్‌లో చాలామందికి ర్యాపిడ్ అంకె బ్లిట్జ్ కన్నా కాస్త ఎక్కువే ఉంటుంది. మీకు 220 తక్కువ. అంటే ఆలోచించుకునే టైమ్ పెరిగేకొద్దీ మీ ఆధిక్యం తగ్గిపోతోంది. మీ బలం సగం బోర్డు మీదుంటే సగం అవతలివాడి గడియారంలో ఉంది. 90+30లో ఆ రెండో సగం ఉండదు. మిగతాదంతా దీని చుట్టూనే.

మీ స్టైల్ ఒక్క మాటలో: ప్రతి ఎత్తులో ఏదో ఒక బెదిరింపు. ఇది చిన్న విషయమేం కాదు. పొజిషన్ సమానంగా ఉన్నచోట మీరు రెండు సెకన్లలో ఆడేస్తున్నారు, అవతలివాడు పది పన్నెండు సెకన్లు తింటున్నాడు. ముప్ఫయ్యో ఎత్తుకొచ్చేసరికి అతని దగ్గర పదిహేను సెకన్లుంటే మీ దగ్గర యాభై ఉంటున్నాయి. ఓడే పొజిషన్లలో కూడా మీరు పీసులు మార్చేసుకోకుండా బోర్డు మీదే ఉంచి చిక్కులు పెడుతున్నారు. ఇది చాలామందికి నేర్పినా రాదు, మీకు సహజంగా ఉంది. కారో-కాన్ అడ్వాన్స్‌లో (తెల్ల మూడో ఎత్తుగా ఇ5 తోసే వరస) సి5 తోయడానికి మీరు ఎంచుకుంటున్న సమయం కూడా బాగుంది. ఆ ఓపెనింగ్ మార్చమని ఎవరు చెప్పినా వినకండి.

అయితే అదే అడ్వాన్స్‌లో రెండు ఆటలు నాలుగో ఎత్తులోనే పోగొట్టుకున్నారు, అదీ ప్రీమూవ్ (అవతలివాడు ఆడకముందే మన ఎత్తు పెట్టేసుకోవడం) వల్ల. 1.ఇ4 సి6 2.డి4 డి5 3.ఇ5 బిషప్ ఎఫ్5. ఇక్కడ తెల్ల 4.హెచ్4 ఆడితే మీరు ముందే పెట్టుకున్న ఇ6 పడిపోతోంది. వెంటనే 5.జి4. బిషప్ ఇ4కి పోతే ఎఫ్3, జి6కి తగ్గితే హెచ్5. బిషప్ పోయినట్టే. నాలుగో ఎత్తుగా హెచ్5 గానీ హెచ్6 గానీ ఆడితే ఏ బాధా లేదు. బోర్డు ముందు ప్రీమూవ్ ఉండదు కాబట్టి ఇలా జరగదనుకోకండి. చెయ్యి అలవాటుగా ముందుకు పోతుంది, ముట్టుకున్న పీసు ఆడాల్సిందే.

లండన్‌లో మీ ఎత్తులు ఎప్పుడూ ఒకే వరస: డి4, బిషప్ ఎఫ్4, ఇ3, సి3, నైట్ ఎఫ్3, బిషప్ డి3, నైట్ డి2. అవతల ఏముందో చూడటం లేదు. నల్ల త్వరగా సి5, క్వీన్ బి6 ఆడితే మీరు క్వీన్ బి3 అంటున్నారు, సరే. తర్వాత సి4 తోసినప్పుడు క్వీన్ సి2కి తగ్గుతున్నారు. నల్ల ఇంకా ఇ6 ఆడలేదనుకోండి, బిషప్ ఎఫ్5 అని క్వీన్‌కే అడ్డం పెడతాడు. దాన్ని తింటే అతని క్వీన్ బి2 తిని ఎ1లో రూక్ లేపేస్తుంది. క్వీన్ సి1కి జరిగితే పొజిషన్ నిక్షేపంగా ఉంటుంది. మీరు ఒక ఆటలో తిన్నారు, ఇంకో ఆటలో తినకుండా యాభై సెకన్లు ఆలోచించి గడియారం మీద ఓడారు. ఇది తెలుసుకోవాల్సిన విషయమే గానీ ఆటలో కనిపెట్టాల్సింది కాదు.

హెచ్7 మీద బిషప్ బలి మీకు ఇష్టమైన దెబ్బ. అరవైలో తొమ్మిదిసార్లు కొట్టారు, ఆరు గెలిచారు. కానీ గెలిచిన వాటిలోనూ రెండింట్లో అది తప్పే, అవతలివాడికి చూసుకునే టైమ్ లేదంతే. కొట్టేముందు నాలుగు విషయాలు చూడాలి. ఎఫ్3 నైట్ జి5కి రావాలి, వచ్చినదాన్ని ఇ7 బిషప్పో డి8 క్వీనో ఉత్తినే తినకూడదు. క్వీన్‌కి హెచ్5 దారి ఉండాలి. ఎఫ్6 గడికి నల్ల నైట్ రాకూడదు, అంటే సాధారణంగా మీ పాన్ ఇ5లో ఉండాలి. నల్ల బిషప్ ఎఫ్5 నుంచి హెచ్7ని కాయకూడదు. మీరు తప్పుతున్నది మూడోదాంట్లో. డి7లో నైట్ కూర్చుని ఉండగా, ఇ5లో పాన్ లేకుండా కొడుతున్నారు. రాజు తిని, నైట్ జి5 చెక్‌కి జి8కి వెళ్లి, క్వీన్ హెచ్5కి రాగానే నైట్ ఎఫ్6 అంటాడు. హెచ్7 కాపాడినట్టూ అయింది, క్వీన్‌ని తరిమినట్టూ అయింది. అన్నీ సరిపోయినా రాజు జి8కి బదులు జి6కి వస్తే ఏం చేస్తారో కూడా కొట్టేముందే లెక్కపెట్టుకోవాలి. కష్టమైన సమాధానం ఎక్కువసార్లు అదే.

కింగ్స్ ఇండియన్ గురించి ఒక్క మాట: తెల్ల డి5 తోసి మధ్యలో దారి మూసేశాకే ఎఫ్5 దాడి పనిచేస్తుంది. మధ్య తెరిచి ఉండగా తోస్తే మీ రాజు చుట్టూనే గాలి ఆడుతుంది.

ఇక అసలు లోపం. బెదిరించడానికి ఏమీ లేని పొజిషన్ వస్తే మీకు చేతులు కట్టేసినట్టుంటుంది. మీ 15+10 ఓటములు చూస్తే పదకొండింట్లో ఒకటే తంతు. లండన్‌లో నల్ల బిషప్ డి6 పెట్టి నల్లగడుల బిషప్పులు మార్చేసుకుంటాడు, పొజిషన్ చప్పగా అవుతుంది, అక్కడ మీరు హెచ్4 తోస్తారు. ఎందుకంటే ఇంకేం తోచదు. ఇరవై ఎత్తుల తర్వాత ఆ హెచ్ పానే మీకు భారమవుతుంది.

అలాంటిచోట దాడి ఎక్కడ అని వెతక్కండి. నా పీసుల్లో ఏది పని లేకుండా కూర్చుంది అని అడగండి. లండన్‌లో ఆ జవాబు ఎక్కువగా ఎ1 రూకో, డి2 నైటో అవుతుంది. దానికి పని కల్పించే ఎత్తే మంచి ఎత్తు. రెండో ప్రశ్న, ఏ పాన్ తోస్తే దారులు తెరుచుకుంటాయి అని. మీ లండన్‌లో అది ఇ3-ఇ4. క్వీన్ ఇ2, రూక్ ఇ1 పెట్టుకుని సిద్ధం చేసుకోవాలి. అరవై ఆటల్లో మీరు ఆ పాన్ తోసింది నాలుగుసార్లు.

రెండో లోపం రూక్ ఎండింగులు. మామూలుగా డ్రా కావాల్సిన వాటిని ఓడుతున్నారు, కారణం ఒకటే: భయపడగానే రూక్‌ని వెనక్కి లాక్కుని చివరి వరసలో కూర్చోబెడుతున్నారు. అవతల పాన్ ఎ, బి, జి, హెచ్ నిలువు వరసల్లో ఉండి, మీ రాజు దాని ముందుంటే అలా కూర్చున్నా నిలబడుతుంది. సి, డి, ఇ, ఎఫ్ అయితే నిలబడదు. అక్కడ ఫిలిడార్ పద్ధతి రావాలి.

లైచెస్ బోర్డ్ ఎడిటర్‌లో ఇది పెట్టండి. తెల్ల రాజు డి5, పాన్ ఇ5, రూక్ ఎ7. నల్ల రాజు ఇ8, రూక్ బి6. నల్ల రూక్ ఆరో వరసలో అటూఇటూ తిరుగుతూ తెల్ల రాజుని డి6కి రానివ్వకూడదు. పాన్ ఇ6కి వచ్చిన మరుక్షణం రూక్ బి1కి దిగిపోవాలి. ఇప్పుడు తెల్ల రాజు డి6కి వచ్చినా దాక్కోవడానికి చోటు లేదు. డి1 నుంచి చెక్, ఇ5కి పోతే ఇ1 నుంచి చెక్, అంతే. పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, పాన్ ఇంకా ఇ5లో ఉండగానే కంగారుపడి వెనక నుంచి చెక్కులు మొదలుపెడతారు. రాజు పాన్ ముందుకు జారుకుంటాడు, ఆరో వరస కాపలా పోతుంది. ఇంజిన్‌తో (చెస్ ఆడే ప్రోగ్రామ్) నల్లవైపు వరసగా ఐదుసార్లు డ్రా చేసేదాకా వదలకండి. గెలవడానికి లుసేనా అనే పొజిషన్ కూడా ఇలాగే చేయండి: తెల్ల రాజు డి8, పాన్ డి7, రూక్ ఎఫ్1. నల్ల రాజు జి7, రూక్ సి2. మొదటి ఎత్తు రూక్ ఎఫ్4. ఎందుకో పది ఎత్తుల్లో మీకే తెలుస్తుంది.

పీసులు మార్చుకునేటప్పుడు మిగిలేది ఏమిటో చూడకపోవడం మీ ఒక్కరి జబ్బు కాదు. 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ 14వ ఆట డ్రా వైపు పోతుండగా, 55వ ఎత్తులో అప్పటి ఛాంపియన్ డింగ్ లిరెన్ రూక్‌ని ఎఫ్2కి తెచ్చారు. నల్లతో ఆడుతున్న గుకేశ్ రూకులు మార్చి, వెంటనే బిషప్ డి5 అన్నారు. బిషప్పులూ పోయాయి, మిగిలిన పాన్ ఎండింగ్ నల్లదే. నిదానంగా నొక్కి గెలవడం చూడాలంటే మన గుంటూరు గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ ఆటలు తీయండి. మీ స్వభావానికి పూర్తిగా వ్యతిరేకం, అందుకే పనికొస్తాయి.

టైమ్ లెక్క. 40 ఎత్తులకి 90 నిమిషాలు, దానికి 30 సెకన్ల చొప్పున మరో 20. మొత్తం 110 నిమిషాలు, ఎత్తుకి సగటున 2 నిమిషాల 45 సెకన్లు. బ్లిట్జ్ నుంచి వచ్చేవాళ్లు పదిహేను ఎత్తులు ఐదు నిమిషాల్లో ఆడేసి, అంత టైమ్ మిగిలిందని మురిసిపోతారు. నా లెక్కలో, 15వ ఎత్తుకి గడియారంలో 80 నిమిషాలు దాటి ఉంటే మీరు అతి వేగంగా ఆడుతున్నట్టు, 50 కన్నా తగ్గితే అతి నెమ్మదిగా ఆడుతున్నట్టు. స్కోరుషీట్‌లో ఎత్తు పక్కన గడియారంలోని నిమిషాలు రాసుకోవడం నియమాల ప్రకారం తప్పు కాదు, రాయండి. ఎత్తుని మాత్రం ఆడకముందు రాయకూడదు, డ్రా క్లెయిమ్ చేసేటప్పుడు తప్ప.

ఆ క్లెయిమ్ సంగతి ఆన్‌లైన్‌వాళ్లకి కొత్త. కొన్ని సైట్లలో పొజిషన్ మూడోసారి రాగానే తనంతట తానే డ్రా అవుతుంది, హాల్లో అవదు. మీ ఎత్తుతో మూడోసారి వస్తుందనుకుంటే, ఆ ఎత్తు ఆడకుండా షీట్ మీద రాసి, గడియారం ఆపి ఆర్బిటర్‌ని (నిర్ణేతని) పిలవాలి. ఆడేశాక అడిగితే ఆ అవకాశం పోయింది. క్యాస్లింగ్‌కి ముందు రాజుని ముట్టుకోండి, రూక్‌ని ముందు ముట్టుకుంటే ఆ వైపు ఆ ఎత్తులో క్యాస్లింగ్ లేదు. పీసు జరిపిన చేత్తోనే గడియారం నొక్కాలి.

ఆరు వారాలకి నేను చెప్పేది ఇంతే. రోజూ ఒక్క 15+10 ఆట. అయ్యాక ఇంజిన్ తెరవకుండా, ఎక్కడ పట్టు తప్పిందనిపించిందో రెండు వాక్యాలు రాసి, అప్పుడు పోల్చుకోండి. ఇరవై నిమిషాలు పజిల్స్, మొత్తం లైన్ కాగితం మీద రాశాకే మొదటి ఎత్తు నొక్కాలి. గడియారంతో పోటీపడే పజిల్ స్టార్మ్ వద్దు, మీకు వేగం తక్కువేం కాలేదు. బ్లిట్జ్ రోజుకి ఐదు ఆటలు మించకూడదు. ఎన్‌ఏడీ జంక్షన్ దాటేలోపు బస్సులో ఆడేవి కూడా ఆ ఐదులోకే వస్తాయి. ఆదివారం ఎవరినైనా పట్టుకుని అసలు బోర్డు మీద, షీట్ రాస్తూ, పూర్తి 90+30 ఆట ఒకటి. స్క్రీన్ మీద అలవాటైన కంటికి బోర్డు మీద పొడవాటి డయాగొనల్స్, వెనక్కి వచ్చే నైట్ ఎత్తులు తప్పిపోతాయి. అది నాలుగైదు ఆటల్లో సర్దుకుంటుంది.

రేటింగ్ గురించి: రేటింగ్ ఉన్న ఐదుగురితోనైనా ఆడాకే మొదటి అంకె వస్తుంది, 2024 మార్చి నుంచి కనీసం 1400. 2150తో పోల్చుకోకండి, తూకాలే వేరు. మీకు ఎదురుగా పదేళ్ల పిల్లలు కూర్చుంటారు. వాళ్లలో చాలామందికి లుసేనా కంఠతా వచ్చు, మీ హెచ్4కి భయపడరు.

రోజుకి రెండు రౌండ్లుంటే మధ్యలో ఫోన్ తీసి బ్లిట్జ్ ఆడొద్దు, మధ్యాహ్నం ఆటకి చెయ్యి మళ్లీ మూడు నిమిషాల వేగానికి వెళ్లిపోతుంది. టోర్నమెంటు అయ్యాక స్కోరుషీట్లు ఇక్కడ పెట్టండి. ఎత్తుల పక్కన నిమిషాలు రాసి ఉన్నవైతే చూస్తాను.