కంపెనీలు మాటిచ్చాయట, మా అబ్బాయి నమ్మాడు

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం. ప్లేస్‌మెంట్ల కోచింగ్ మానేసి రాత్రుళ్లు ఓపెన్ సోర్స్ (ఎవరైనా చూసి, మార్చి, వాడుకోగల సాఫ్ట్‌వేర్) ప్రాజెక్టులకు ఉచితంగా కోడ్ రాస్తున్నాడు. పేటెంట్ కేసులు పడితే ఎలాగంటే, ‘పెద్ద కంపెనీలు మాటిచ్చాయి నాన్నా’ అంటాడు. పేటెంట్ చట్టంలో డిప్లొమా చేయించమని బంధువుల సలహా. ఏది మేలు?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ‘ఉచితంగా’ అన్న మాట కింద మీరు రెండు గీతలు గీశారు. అసలు బాధ అక్కడుంది. అయినా ముందు అబ్బాయి నమ్మకం సంగతి చూద్దాం.

2005 జనవరిలో ఐబీఎం తన 500 పేటెంట్లను ఓపెన్ సోర్స్‌పై ప్రయోగించనని ప్రకటించింది. ఘనమైన మాటే. కానీ అంతకు ముందు ఏడాది ఒక్క అమెరికాలోనే ఆ సంస్థకు దక్కినవి 3,248. తోటంతా కంచెలోపలే ఉంచి, ఒక కొమ్మ నీడ వీధిలోకి వదిలినట్టు. 2010లో టర్బోహెర్క్యులీస్ అనే చిన్న ఫ్రెంచి కంపెనీ ఓపెన్ సోర్స్ ప్రోగ్రాముతో ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ (పెద్ద సంస్థలు వాడే భారీ కంప్యూటర్ల) వ్యాపారంలో అడుగుపెట్టబోతే, ఐబీఎం తన పేటెంట్ల జాబితా పంపింది. అందులో రెండు ఆ 500లోవే! గగ్గోలు పుట్టాక, మాటకు కట్టుబడే ఉన్నామని చెప్పుకోవలసి వచ్చింది.

సన్ మైక్రోసిస్టమ్స్ కూడా 2005లోనే 1,600 పేటెంట్లు తెరిచింది, తన లైసెన్సు (కోడ్ వాడుకునే షరతుల పత్రం) కింద విడుదలైన కోడ్ వరకే. 2010లో సన్‌ను కొన్న ఒరాకిల్, అదే ఏడాది సన్ తయారుచేసిన ప్రోగ్రామింగ్ భాష జావా పేటెంట్లు, కాపీరైట్ల పేరిట గూగుల్‌పై దావా వేసింది. వాగ్దానం తప్పిందని అనలేం, దాని హద్దు అంతే. 2012లో జ్యూరీ పేటెంట్ల ఉల్లంఘన లేదంది గానీ, కాపీరైట్ తగువు 2021 వరకు నడిచింది.

అబ్బాయికి ఇది చెప్పండి: పత్రికా ప్రకటన వేరు, కోడ్‌తో పాటే వచ్చే లైసెన్సు వేరు. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు వాడే అపాచీ 2.0 లైసెన్సు మూడో సెక్షన్ చదవమనండి. కోడ్ ఇచ్చినవారే దానికి సంబంధించిన తమ పేటెంట్ హక్కునూ అందులో రాసిస్తారు. ఆ కోడ్‌పై పేటెంట్ దావా వేసినవారికి ఆ హక్కు పోతుంది.

ఇక మీరు నిద్రపోవచ్చు. పేటెంట్ దావాలు డబ్బున్న చోటు వెతుక్కుంటాయి. హాస్టల్ గదిలో బగ్ సరిచేసే కుర్రవాడి దగ్గర వాటికి దొరికేదేముంది?

డిప్లొమా మీద నాకు అనుమానాలున్నాయి. ప్రోగ్రామును ప్రోగ్రాముగా పేటెంట్ చేయడాన్ని మన పేటెంట్ చట్టంలోని సెక్షన్ 3(కె) ఒప్పుకోదు. దరఖాస్తులో ఆ గోడ పక్కనుంచి దారి తీసే వాక్యాలు చెక్కడమే సాఫ్ట్‌వేర్ పేటెంట్ల పనిలో పెద్ద భాగం. ఒక్క వాక్యంతో రోజంతా కుస్తీపట్టే ఓపిక ఉన్నవారికి అది మంచి వృత్తే. మీ అబ్బాయికి ఉందో లేదో బంధువులకెలా తెలుస్తుంది? కోపం రావచ్చు, అయినా అడుగుతున్నాను: అతను రాసిన కోడ్ చూపించమని మీరు ఒక్కసారైనా అడిగారా? దాన్ని నలుగురు పెద్ద ఇంజినీర్లు తప్పులు దిద్ది స్వీకరించి ఉంటే, కోచింగ్ సెంటర్ సర్టిఫికెట్ కన్నా ఇంటర్వ్యూలో అదే ఎక్కువ మాట్లాడుతుంది. కోచింగ్ పూర్తిగా మానొద్దని మాత్రం నా మాటగా చెప్పండి. వారానికి రెండు సాయంత్రాలు చాలు.

మీరు భయపడవలసిన కాగితం ఇంకా రాలేదు. ఉద్యోగ ఒప్పందంలో, ఖాళీ సమయంలో రాసిన కోడ్ కూడా కంపెనీదే అనే నిబంధన ఉండవచ్చు. సంతకానికి ముందు దాన్ని మీరిద్దరూ పక్కపక్కన కూర్చుని చదవండి. ఉంటే, ఇప్పటి ప్రాజెక్టులకు మినహాయింపు రాతపూర్వకంగా అడగమనండి.