మోషన్ ఎక్కడ ఆగుతోంది?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 34. చాలా ఏళ్లుగా మలబద్ధకంతో బాధపడుతున్నా. రెండు మూడు రోజులకోసారి గానీ మోషన్ అవ్వదు, అదీ అరగంట కూర్చుని ముక్కితే తప్ప రాదు, వచ్చినా లోపల ఇంకా ఏదో మిగిలిపోయినట్టే ఉంటుంది. ఇంగ్లీష్ మందులంటే నాకు భయం, అందుకే రాత్రిపూట ఒక నేచురల్ పొడి వేసుకుంటున్నా, వేసుకున్న మర్నాడు బాగానే అవుతుంది, మానేస్తే మళ్లీ మామూలే. పండ్లు తింటా, కూరలు తింటా, నీళ్లు రోజుకి 4 లీటర్లు తాగుతా. ఇంకేం చెయ్యాలో మీరే చెప్పండి.

జవాబు: ముందు ఆ పొడి సంగతి చూద్దామమ్మా. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఏముందో ఒకసారి చదవండి. రాత్రి వేసుకుంటే పొద్దున్నే పని చేసే పొడుల్లో తరచుగా ఉండేది సునాముఖి ఆకు, అంటే సెన్నా. మందుల షాపులో టాబ్లెట్ రూపంలో దొరికేది కూడా ఇదే సెన్నా, కాబట్టి ఇంగ్లీష్ మందు వద్దనుకుంటూనే మీరు అదే మందు వేసుకుంటున్నారేమో, తేడా ఏంటంటే టాబ్లెట్‌లో డోసు ఎంతో తెలుస్తుంది, పొడిలో చాలాసార్లు అది కూడా తెలీదు. సెన్నా చెడ్డదని కాదు, మేమూ రాస్తాం. పెద్దపేగు నరాల్ని రెచ్చగొట్టి కదిలిస్తుంది, 6 నుంచి 12 గంటల్లో పని చేస్తుంది. మామూలు డోసులో వాడితే పేగు శాశ్వతంగా మొద్దుబారిపోతుందని చాలామంది భయపడతారు గానీ దానికి గట్టి రుజువు లేదు. కాకపోతే ఎవరికి వాళ్లు డోసు పెంచుకుంటూ పోతే కడుపులో నొప్పులు, విరేచనాలు, పొటాషియం పడిపోవడం లాంటివి వస్తాయి. ఇంకోటి, ఇది చాలామంది గమనించరు, ఇలాంటి మందు ఒక్కసారిగా పేగునంతా ఖాళీ చేసేస్తే మళ్లీ నిండటానికి ఒకటి రెండు రోజులు పడుతుంది కదా, ఆ రెండు రోజులూ మోషన్ రాకపోవడం సహజం. మనమేమో అమ్మో మళ్లీ ఆగిపోయింది అనుకుని ఇంకో చెంచా వేస్తాం.

రోజూ అవ్వకపోవడం అసలు జబ్బే కాదు. రోజుకి 3 సార్ల నుంచి వారానికి 3 సార్ల దాకా ఎంతైనా నార్మలే. మీ ఉత్తరంలో నన్ను ఆపింది రెండు మూడు రోజులకోసారి అన్న మాట కాదు, ఆ అరగంట ముక్కడం, ఇంకా మిగిలిపోయినట్టు ఉండటం. ముక్కాల్సి రావడం, గట్టిగా ఉండలు ఉండలుగా రావడం, పూర్తిగా అవ్వలేదనిపించడం, ఏదో అడ్డం పడ్డట్టు ఉండటం, వేలితో సాయం చేయాల్సి రావడం, వారానికి 3 కన్నా తక్కువసార్లు అవ్వడం, వీటిలో ఏ రెండైనా తరచుగా ఉంటూ, మొదలై 6 నెలలు దాటి, చివరి 3 నెలలుగా వదలకుండా ఉంటే దాన్ని దీర్ఘకాలిక మలబద్ధకం అంటాం.

ఇప్పుడు అసలు విషయం, ఆగేది ఎక్కడ? తిన్నది అరిగాక చిన్నపేగు నుంచి పెద్దపేగులోకి రోజుకి దాదాపు లీటరున్నర ద్రవం వస్తుంది, పెద్దపేగు అందులో నీళ్లని చాలావరకు పీల్చేసుకుంటుంది, ఎంత ఎక్కువసేపు లోపల ఉంటే అంత గట్టిపడుతుంది. చాలామందిలో పేగు వేగం బాగానే ఉంటుంది, పీచు, అలవాట్లు సరి చేసుకుంటే సరిపోతుంది. కొద్దిమందిలో పేగే నెమ్మదిగా కదులుతుంది. మూడో రకంలో మలం చివరిదాకా బాగానే వస్తుంది, తలుపు దగ్గర ఆగిపోతుంది. మీది ఈ మూడోది కావచ్చని నా అనుమానం, ఎందుకంటే పీచు తింటున్నారు, నీళ్లు తాగుతున్నారు, అయినా ముక్కుతున్నారు. పొడి వేసుకుని మెత్తగా అయిన రోజు కూడా ముక్కాల్సి వస్తోందా? అవును అయితే నా అనుమానం ఇంకా బలపడుతుంది.

మలద్వారం పైన ఒక కండరం పేగుని వెనక నుంచి చుట్టి ముందుకి లాగి పట్టుకుని ఉంటుంది, అందుకే మామూలు టైమ్‌లో అక్కడ ఒక వంపు ఉంటుంది, ఏదీ జారిపోదు. టాయిలెట్‌కి కూర్చున్నప్పుడు ఈ కండరం వదులవ్వాలి, వంపు కాస్త నిటారుగా అవ్వాలి. కొందరిలో ముక్కగానే ఇది వదులవ్వడానికి బదులు ఇంకా బిగుసుకుంటుంది, ఒక చేత్తో తలుపు తోస్తూ ఇంకో చేత్తో గడియ పెట్టుకున్నట్టు. దీనికి ఎన్ని పొడులు మింగినా లాభం ఉండదు. గ్యాస్ట్రో డాక్టర్ వేలితో పరీక్ష చేస్తూ ముక్కమని చెప్తారు, అక్కడే చాలావరకు తెలిసిపోతుంది, తర్వాత మలద్వారం కండరాల ఒత్తిడి కొలిచే మానోమెట్రీ అనీ, చిన్న బెలూన్ పెట్టి బయటికి నెట్టమనే పరీక్ష అనీ ఉంటాయి. సిగ్గుపడి చాలామంది ఈ పరీక్ష దాకా వెళ్లరు, వెళ్లకుండానే పదేళ్లు పొడులు మారుస్తూ గడిపేస్తారు. తేలితే దానికి ట్రీట్‌మెంట్ బయోఫీడ్‌బ్యాక్. సెన్సర్ పెట్టి మీ కండరం బిగుసుకుంటోందా వదులవుతోందా అన్నది స్క్రీన్ మీద మీకే చూపిస్తూ కొన్ని సిట్టింగుల్లో నేర్పిస్తారు, చేయించుకున్నవాళ్లలో సగానికి పైగా బాగుపడతారు. మందు చుక్క లేదు, మీరడిగిన నేచురల్ అంటే నా లెక్కలో ఇదే.

ఈలోపు ఇంట్లో చేసుకోవాల్సినవి చెప్తా. కమోడ్ మీద కూర్చుంటే పాదాల కింద చిన్న పీట వేసుకోండి, మోకాళ్లు నడుము కన్నా ఎత్తులో ఉండాలి, ముందుకి వంగి మోచేతులు మోకాళ్ల మీద ఆనించండి, దీంతో ఆ వంపు తేలికగా విప్పుకుంటుంది. ఊపిరి బిగబట్టి ముక్కొద్దు, మెల్లగా ఊపిరి వదులుతూ పొట్టని ముందుకి ఉబ్బించి కిందికి నెట్టండి. పొద్దున లేచాక, టిఫిన్ తిన్నాక ఓ అరగంట లోపు వెళ్లి కూర్చోండి, తిండి కడుపులో పడగానే పెద్దపేగు కదిలే రిఫ్లెక్స్ ఒకటుంది, పొద్దున పూట అది బాగా బలంగా ఉంటుంది, దాన్ని వాడుకోవాలి. అయిదు పది నిమిషాలు చూడండి, రాలేదా, లేచి వచ్చేయండి. ఫోన్ బయట పెట్టి వెళ్లండి, దాంతోనే ఆ అరగంట అవుతోందేమో కూడా ఒకసారి ఆలోచించండి! వచ్చినప్పుడు మాత్రం మీటింగ్ ఉందనో ఇంటికెళ్లి చూద్దామనో ఆపుకోవద్దు, ఆపుకోగా ఆపుకోగా పురీషనాళం సాగి, వచ్చిందన్న కబురే సరిగ్గా అందదు.

పీచు రోజుకి 25 నుంచి 30 గ్రాములు చాలు, కానీ ఒక్కరోజులో పెంచితే పొట్ట ఉబ్బి గ్యాస్‌తో మానేస్తారు, వారాల మీద పెంచండి. ఇసబ్‌గోల్ పొట్టు ఒక చెంచా పెద్ద గ్లాసుడు నీళ్లలో కలిపి గట్టిపడే లోపే తాగేయండి, పొడిగా నోట్లో వేసుకుంటే గొంతులో అడ్డం పడొచ్చు. రోజుకి 2 కివీ పండ్లు, లేదా ప్రూన్స్ అనే ఎండిన ప్లమ్ పండ్లు కూడా బాగా పని చేస్తాయని పరీక్షల్లో తేలింది, ప్రూన్స్‌లో పీచుతో పాటు సార్బిటాల్ అనే చక్కెర ఉంటుంది, అది నీళ్లని పేగులోకి లాగుతుంది. పీచు పెంచిన కొద్దీ ఉబ్బరమే పెరిగి మోషన్ రాకపోతే ఇంకా పెంచకండి, అది పేగు నెమ్మదిగా ఉందనో తలుపు మూసుకుందనో చెప్పే గుర్తు. నీళ్లంటారా, ఒంట్లో నీళ్లు తగ్గినవాళ్లకి పనికొస్తాయి గానీ సరిపడా తాగేవాళ్లు 4 లీటర్లు తాగితే ఆ ఎక్కువది కిడ్నీల దారిన పోతుంది, మలంలోకి చేరదు. తగ్గించుకోండి.

ఇవన్నీ చేస్తూ నాలుగైదు వారాలు చూసినా మార్పు లేకపోతే ఆ పరీక్ష చేయించుకోండి.

ప్రశ్న: సార్, మా నాన్నగారికి 61. ఎప్పుడూ టైమ్‌కి వెళ్లే మనిషి, నాలుగు నెలలుగా మలబద్ధకం, అప్పుడప్పుడు రక్తం పడుతోంది, పైల్స్ అని ఆయనే తేల్చేశారు, బరువు కూడా కాస్త తగ్గారు. పీచు పెంచితే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. ఈ వయసులో కొత్తగా అలవాటు మారడం, రక్తం, బరువు తగ్గడం మూడూ కలిసి ఉంటే కొలనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష, చేయకుండా పైల్స్ అనుకోకూడదు. ఈ వారమే తీసుకెళ్లండి. పైల్సే అయితే సంతోషం. పొట్ట బిగుసుకుని ఉబ్బి, గ్యాస్ కూడా పోకుండా, వాంతులు మొదలైతే మాత్రం వారం ఆగొద్దు, అప్పటికప్పుడు ఎమర్జెన్సీకి.

ప్రశ్న: మా అత్తగారికి కొత్తగా మలబద్ధకం మొదలైంది డాక్టర్ గారూ, తిండిలో మార్పేమీ లేదు. రక్తం తక్కువని ఐరన్, కీళ్లకి కాల్షియం, నరాల నొప్పికి అమిట్రిప్టిలిన్ ఇచ్చారు. వీటికీ దానికీ సంబంధం ఉంటుందా?

జవాబు: ఉంటుంది, మీరు రాసిన మూడూ మలబద్ధకం తెచ్చేవే. కొడీన్ ఉన్న దగ్గు సిరప్‌లు, ట్రమడాల్ లాంటి నొప్పి బిళ్లలు, అల్యూమినియం ఉన్న యాంటాసిడ్‌లు కూడా ఇదే పని చేస్తాయి. సొంతంగా ఏదీ ఆపకండి, ఏ బిళ్ల ఏ తేదీన మొదలైందో, మోషన్ ఎప్పుడు మారిందో రాసుకుని, రాసిచ్చిన డాక్టర్‌కి చూపించండి, ఐరన్ రకం మార్చడమో, రోజు విడిచి రోజు ఇవ్వడమో చేస్తారు. పన్లో పనిగా థైరాయిడ్, షుగర్, రక్తంలో కాల్షియం చూపించండి. ఇంకో మాట, పెద్దవాళ్లకి రోజుల తరబడి మోషన్ లేక, ఉన్నట్టుండి నీళ్లలా కారడం మొదలైతే విరేచనాలు అనుకుని ఆపే బిళ్ల వెయ్యకండి, గట్టిపడ్డ మలం పక్కల నుంచి కారే ద్రవం అయ్యుండొచ్చు.

ప్రశ్న: పేగుల గోడలకి ఏళ్ల మలం అతుక్కుపోయి టాక్సిన్లు రక్తంలో కలుస్తాయట, ఏడాదికోసారి కోలన్ క్లెన్సింగ్ చేయించుకోవాలా?

జవాబు: వద్దు. రోజూ కొలనోస్కోపీలు చేసేవాళ్లకి అలా అతుక్కుపోయిన ఏళ్ల నాటి మలం కనబడదు. డబ్బులు మిగుల్చుకోండి.

ప్రశ్న: మా బాబుకి నాలుగేళ్లు. మోషన్ వస్తోందంటే చాలు తలుపు వెనక నక్కి కాళ్లు దగ్గరపెట్టి నిలబడిపోతాడు. వారానికి ఒకటి రెండుసార్లు, అదీ ఏడుస్తూ వెళ్తాడు. మధ్యలో నిక్కర్‌కి మరకలు. కొట్టా, తిట్టా, వినట్లేదు.

జవాబు: వాడు వెళ్లడానికి ప్రయత్నం చెయ్యట్లేదమ్మా, ఆపుకుంటున్నాడు. ఎప్పుడో ఒకసారి గట్టిగా అయ్యి నొప్పెట్టింది, ఆ నొప్పికి భయపడి ఆపుకుంటాడు, ఆపుకుంటే ఇంకా గట్టిపడుతుంది, ఇంకా నొప్పెడుతుంది. ఆ మరకలు వాడు కావాలని చేసేవి కావు, వాడికి తెలియకుండానే కారతాయి, కాబట్టి కొట్టడం ఈ రోజే ఆపేయండి. పిల్లలకి ముందు లోపల పేరుకున్నది మెత్తబరిచి బయటికి తియ్యాలి, దానికి పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి పిల్లల డాక్టర్ బరువుని బట్టి లెక్క కట్టి ఇస్తారు, ఇది పేగులో నీళ్లని పట్టి ఉంచుతుంది అంతే, అలవాటు పడిపోయే మందు కాదు. రెండు రోజులు బాగా అవ్వగానే ఆపేస్తే మళ్లీ మొదటికొస్తుంది, నెలల పాటు వాడి మెల్లగా తగ్గించాలి. పాలు మరీ ఎక్కువ తాగుతుంటే తగ్గించండి. తిన్నాక 5 నిమిషాలు కాళ్లు ఆనేలా పీట వేసి కూర్చోబెట్టండి, వచ్చినా రాకపోయినా కూర్చున్నందుకు మెచ్చుకోండి. పుట్టినప్పటి నుంచే ఇలా ఉందా, పుట్టాక మొదటి మోషన్ 48 గంటలు దాటి అయ్యిందా అన్నది గుర్తు చేసుకుని డాక్టర్‌కి చెప్పండి, అలా అయితే పుట్టుకతో పేగు నరాల్లో లోపం ఉందేమో చూడాల్సి ఉంటుంది.