ఆ తొమ్మిది అట్టముక్కలు

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయి ఇక్కడ ఒడియా మీడియంలో ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. 1 నుంచి 9 దాకా అట్టముక్కల మీద రాసుకుని, తొమ్మిదింటినీ వరసగా పేర్చి ఒక ప్రధాన సంఖ్య తేవాలని పట్టుబట్టాడు. ఎలా పేర్చినా ఫోన్‌లో ‘కాదు’ అనే వస్తోంది. రెండు రాత్రులుగా నిద్ర లేదు, నాకు టెన్షన్‌గా ఉంది. అసలు వస్తుందా?
— ఒక తల్లి, పర్లాకిమిడి

జవాబు: రాదమ్మా. ఫోన్‌దీ తప్పు కాదు, బాబుదీ కాదు. ఆ ముక్కల్ని 3,62,880 రకాలుగా పేర్చవచ్చు. అన్నీ తొమ్మిదితో నిశ్శేషంగా పోతాయి. ప్రధాన సంఖ్యైతే ఒకటితో, తనతో తప్ప ఇంక దేనితోనూ అలా పోకూడదు. 12,34,56,789లో తొమ్మిదో వంతు సరిగ్గా 1,37,17,421.

ఎందుకో డబ్బులతో చూపించండి. పది రూపాయలు తొమ్మిదిమందికి పంచితే తలా ఒకటి, మిగిలేది ఒక రూపాయి. వంద పంచితే తలా పదకొండు, మిగిలేది మళ్ళీ రూపాయే. వెయ్యి పంచినా, కోటి పంచినా రూపాయే. కాబట్టి ఏడు వందలకు ఏడు మిగులుతుంది, ఏడు లక్షలకూ ఏడే. ముక్క ఏ స్థానంలో ఉన్నా దాని మీదున్న అంకే పంచడానికి మిగులుతుంది. అవన్నీ కూడితే 45, తలా ఐదు వస్తుంది. వరస మార్చినా ఆ 45 మారదు కదా! ఒడియా అంకెల్లో రాసినా, తెలుగు అంకెల్లో రాసినా అంతే.

నేనిది బళ్ళో నేర్చుకోలేదు. బరంపురంలో మా నాన్న బట్టల కొట్లో నేర్చుకున్నాను. ఒక రాత్రి చిట్టా ప్రకారం ఉండాల్సిన దానికన్నా గల్లాపెట్టెలో 63 రూపాయలు ఎక్కువున్నాయి. తక్కువైతే నాన్న సర్దుకునేవారు. ఎక్కువైతే మాత్రం ఎవరి డబ్బో అని కొట్టు కట్టేవారు కాదు. పద్దులు రెండుసార్లు కూడి చూశాను, ఏడుపొచ్చింది. ఆయన పుస్తకం ముట్టకుండానే, “అరవైమూడు తొమ్మిదో ఎక్కంలోది. ఎక్కడో అంకెలు తిరగేసి రాసుంటావు, చూడు” అన్నారు. రవికె గుడ్డల పద్దులో 81కి 18 రాశాను! రెండింటిలో ఉన్నవి అవే అంకెలు కనుక తొమ్మిదికి మిగిలేదీ ఒకటే, తీసివేతలో అది పోతుంది. తొమ్మిదో ఎక్కంలో వచ్చే ప్రతి తేడా ఇలాంటిదే అనలేం గానీ, నేను ముందు వెతికేది ఇప్పటికీ అదే.

బాబు పట్టుదల నాకు చాలా నచ్చింది. 9 ముక్క ఒక్కటే తీస్తే లాభం లేదు, మిగతావి కూడితే 36. 8 కూడా తీసేయమనండి. 1 నుంచి 7 దాకా కూడితే 28. ముగ్గురికి పంచినా పదికీ వందకీ మిగిలేది రూపాయే కనుక మూడుకీ ఇదే లెక్క. 28 మూడుతో పోదు, కాబట్టి దారి ఉంది. ఆ ఏడు ముక్కలతో వచ్చే ప్రధాన సంఖ్యల్లో అన్నిటికన్నా పెద్దది 76,52,413. ఇది మీకు మాత్రమే చెబుతున్నాను. ఇవాళ త్వరగా పడుకోబెట్టి, రేపు పొద్దున ఆ ముక్కలు చేతికివ్వండి.