కొరియన్‌కి ఇంగ్లిష్ మీదుగా వెళ్లక్కర్లేదు

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం యూనివర్సిటీల్లో కొత్తగా కొరియన్ మొదలుపెట్టినవాళ్ల నుంచే. ఒకే రకం సందేహాలు చాలామందికి ఉన్నాయి కాబట్టి కొన్నిటికి కాస్త వివరంగా రాస్తున్నాను.

ప్రశ్న: మాది ఖమ్మం. హైదరాబాద్‌లో పీజీ చేస్తూ మా యూనివర్సిటీలోనే సాయంత్రం పూట కొరియన్ సర్టిఫికెట్ కోర్సులో చేరాను. అక్షరాలు వారంలో వచ్చేశాయి, భలే హుషారుగా అనిపించింది. తర్వాత టాపిక్ మార్కర్, సబ్జెక్ట్ మార్కర్, ఆబ్జెక్ట్ మార్కర్ అని మొదలైంది, ఇక అక్కణ్ణుంచి ఏదీ బుర్రకెక్కట్లేదు. డిక్టేషన్ పెడితే సగం తప్పులే. ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లు గబగబా నోట్స్ రాసుకుంటుంటే నాకు టెన్షన్. పైగా కొరియన్ రావాలంటే 2,200 గంటలు పడుతుందట. మానేయమంటారా?

జవాబు: వద్దు, మానేయకండి. ముందు ఆ 2,200 గంటల సంగతి చూద్దాం. అది అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు భాషలు నేర్పించడానికి వేసుకున్న లెక్క. ఇంగ్లిష్ మాతృభాష అయినవాళ్లు కొరియన్‌లో ఉద్యోగం చేయగలిగే స్థాయికి రావడానికి 88 వారాలు, 2,200 క్లాసు గంటలు అని. జపనీస్, చైనీస్, అరబిక్ కూడా అదే వరసలో ఉన్నాయి. కొరియన్లో క్రియ వాక్యం చివర రావడం, 'కి', 'ని', 'లో' లాంటివి మాట వెనకాల అంటుకోవడం, ఎదుటివాళ్లని బట్టి మాట మారడం, ఇవన్నీ ఇంగ్లిష్‌వాళ్లు మొదటి నుంచి అలవాటు చేసుకోవాలి. మీరు ఊహ తెలిసినప్పటి నుంచీ అలాగే మాట్లాడుతున్నారు. ఆ లెక్క మీది కాదు.

మీ ఇబ్బంది ఎక్కడంటే, తెలుగుకి దగ్గరగా ఉన్న వ్యాకరణాన్ని ఇంగ్లిష్‌లోకి తిప్పి, ఆ ఇంగ్లిష్‌ని మళ్లీ తెలుగులో అర్థం చేసుకోవాల్సి వస్తోంది. పుస్తకాలు అలాగే ఉంటాయి, టీచర్ని తప్పు పట్టలేం, క్లాసులో అన్ని రాష్ట్రాల పిల్లలూ ఉంటారు. కానీ మీ నోట్సులో తెలుగు రాసుకోవద్దని ఎవరూ అనలేదు కదా. 'నిన్న చదివిన పుస్తకం' అనడానికి కొరియన్లో 'ఒజె ఇల్గున్ ఛెక్' అంటారు: నిన్న, చదివిన, పుస్తకం, అదే వరస. ఇంగ్లిష్‌లో దీన్ని రిలేటివ్ క్లాజు అని ఒక పాఠమంతా చెప్పాలి, మీకు ఒక్క ఉదాహరణ చాలు. 'మొగొ బొసెయో' అంటే తిని చూడండి. నిజంగానే 'తిని' ఒక ముక్క, 'చూడండి' ఇంకో ముక్క. 'స్సొ జుసెయో' అంటే రాసివ్వండి. 'ఒందగొ హెస్సొయో' అంటే వస్తానని అన్నాడు, ఆ 'గొ' మన 'అని' చేసే పనే చేస్తుంది. ఉంది, లేదు అనడానికి మనకి రెండు వేరే మాటలు ఉన్నట్టే వాళ్లకీ 'ఇస్సొయో', 'ఒప్సొయో' ఉన్నాయి. ఇంకో సుఖం కూడా ఉంది. మనకి వచ్చాను, వచ్చావు, వచ్చాడు, వచ్చింది అని ఎన్ని రూపాలు! వాళ్లకి అన్నిటికీ 'వస్సొయో' ఒక్కటే. ఎవరు వచ్చారో సందర్భాన్ని బట్టి పట్టుకోవాలి, మొదట్లో అది కొంచెం తికమక పెడుతుంది.

ఇక మార్కర్లు. ఆబ్జెక్ట్ మార్కర్ 'ఉల్/రుల్' అంటే మన 'ని/ను'. దానికి అంతకుమించి భయపడక్కర్లేదు. మనం 'పుస్తకం చదివాను' అని 'ని' వదిలేసినట్టే వాళ్లూ మాటల్లో వదిలేస్తారు, పరీక్షలో మాత్రం పెట్టండి. అసలు చిక్కు సబ్జెక్ట్ మార్కర్ 'ఇ/గ', టాపిక్ మార్కర్ 'ఉన్/నున్' దగ్గర. మన కర్తకి ఏ గుర్తూ ఉండదు, 'రాము వచ్చాడు', అంతే. అందుకని ప్రశ్న వేసుకుని చూడండి. 'ఎవరొచ్చారు?' అని అడిగితే 'రాము వచ్చాడు' అన్న జవాబులో రాముకి 'గ' తగులుతుంది. 'రాము సంగతేంటి?' అంటే, 'రామూనా, వచ్చాడు' అన్నప్పుడు 'నున్' తగులుతుంది. 'కాఫీ అయితే తాగుతాను, టీ మాత్రం తాగను' అన్నప్పుడు ఆ 'అయితే', 'మాత్రం' ఉన్నచోట కూడా 'నున్' పెట్టండి. ఇది మొత్తం కథ కాదు గానీ మొదటి సెమిస్టర్‌కి చాలావరకు సరిపోతుంది.

తెలుగు మిమ్మల్ని తప్పుదారి పట్టించే చోటు ఒకటి చెప్పి తీరాలి. 'ఇంట్లో ఉన్నాను', 'ఇంట్లో చదువుతున్నాను', మనకి రెండూ 'లో'నే. వాళ్లకి ఉండటానికి 'ఎ', అక్కడ ఏదైనా పని చేయడానికి 'ఎసొ'. కాబట్టి 'జిబె ఇస్సొయో', కానీ 'జిబెసొ గొంబు హెయో'. తెలుగు పిల్లలు ఎక్కువగా మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే, ఒక పేజీ నిండా ఇవే రాసి ప్రాక్టీస్ చేయండి.

డిక్టేషన్ తప్పులకి కారణం వేరు. ఈ పేజీలో కొరియన్ మాటల్ని తెలుగు లిపిలో రాయక తప్పట్లేదు, మీరు మాత్రం నోట్సులో ఎప్పుడూ ఇలా రాయకండి. వాళ్లకి క, గ అని మనలాగా విడిగా లేవు. వాళ్ల హల్లులు మూడు రకాలు: మామూలుది, బిగబట్టి పలికేది, ఊపిరి గట్టిగా వదిలేది. 'పుల్' అన్నట్టు వినిపించే మాటలే మూడున్నాయి, నిప్పు, కొమ్ము, గడ్డి. సన్నటి కాగితం ముక్క నోటి ముందు పట్టుకుని చెప్పి చూడండి. గడ్డికి కాగితం ఎగిరిపడాలి, నిప్పుకి కొంచెం కదలాలి, కొమ్ముకి కదలకూడదు. ఆ కొమ్ములోని 'ప' మన 'అప్పు'లోని ప్పకి బాగా దగ్గర, అది మీకు ఇట్టే వస్తుంది. నిప్పుకీ గడ్డికీ తేడా మాత్రం హల్లులో కంటే తర్వాతి అచ్చులో వినండి. ఇప్పటి సియోల్ మాటతీరులో మామూలు హల్లు తర్వాత గొంతు కిందికి ఉంటుంది, ఊపిరి హల్లు తర్వాత పైకి లేస్తుంది. ఇది తెలిశాక డిక్టేషన్ వేరేగా వినిపిస్తుంది.

ఇంకో రెండు విషయాలు. తెలుగు అజంత భాష కాబట్టి హల్లుతో ఆగే మాట చివర మనం 'ఉ' చేరుస్తాం. 'బప్' అంటే అన్నం. పెదాలు మూసి అలాగే ఆపేయాలి, తెరిస్తే 'బపు' అయిపోతుంది. రెండోది, రాసేదొకటి పలికేదొకటి అని మీలాంటివాళ్లు చాలామంది కంగారు పడుతుంటారు. 'గుక్' పక్కన 'ముల్' వస్తే 'గుఙ్ముల్' అని పలుకుతారు. మీరు స్కూల్లో అనునాసిక సంధి చదివే ఉంటారు. వాక్ + మయం వాఙ్మయం అయినట్టు, జగత్ + నాథుడు జగన్నాథుడు అయినట్టు. 'హప్నిద' అని రాసి 'హమ్నిద' అనడం కూడా ఆ బాపతే. కొత్త రూలు కంఠతా పట్టకండి, పాత సంధిని గుర్తు తెచ్చుకోండి.

అక్షరాలు వారంలో రావడం మామూలే. సెజోంగ్ రాజు 1443లో ఆ లిపిని తయారుచేసి 1446లో ప్రకటించిందే మామూలు జనం సులువుగా నేర్చుకోవడానికి. అక్కడి వేగం చూసుకుని ఇప్పటి వేగానికి దిగులు పడకండి.

ప్రశ్న: కొరియా ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద వచ్చాను, ప్రస్తుతం ఇక్కడ ఒక యూనివర్సిటీలో ఏడాది లాంగ్వేజ్ కోర్సు. సీరియళ్లు చూసి కొంత నేర్చుకునే వచ్చాను. ఒక హోటల్లో పెద్దావిడతో మాట్లాడితే ముఖం అదోలా పెట్టింది, క్లాసులో ప్రొఫెసర్ని 'మీరు' అని సంబోధిస్తే అందరూ నన్నే చూశారు. ఎక్కడ తేడా కొట్టింది? - గుంటూరు అమ్మాయి

జవాబు: సీరియళ్లలో స్నేహితులు, ప్రేమికులు, అన్నదమ్ములు మాట్లాడుకునేది ఎక్కువగా బన్మల్, అంటే చనువున్నవాళ్ల మాట. అది చెవికి అలవాటై నోట్లోంచి వచ్చేస్తుంది. హోటల్లో అదే జరిగి ఉంటుంది.

దీన్ని కూడా తెలుగులోంచే చూడండి. 'మాస్టారు వచ్చారు' అంటే గౌరవం మాస్టారికి. 'మాస్టారు వచ్చారండీ' అంటే గౌరవం వినేవాళ్లకి కూడా. కొరియన్లో ఈ రెండూ విడివిడిగా నడుస్తాయి. ఎవరి గురించి చెబుతున్నామో వాళ్లకి గౌరవం క్రియ మధ్యలో 'సి' రూపంలో వస్తుంది, ఎవరితో చెబుతున్నామో వాళ్లకి గౌరవం చివర 'యో' రూపంలోనో 'మ్నిద' రూపంలోనో వస్తుంది. 'యో'ని మన 'అండీ' అనుకోండి. గోదావరి జిల్లాలవాళ్లు ప్రతి మాటకీ అండీ తగిలించినట్టు మీరు ప్రతి వాక్యానికీ 'యో' తగిలించండి, ఎక్కడా ఇబ్బంది రాదు. 'సి' మాత్రం మీ గురించి చెప్పుకునేటప్పుడు పొరపాటున కూడా వాడకండి, 'నేను వచ్చారు' అన్నట్టు ఉంటుంది.

'మీరు' విషయం వేరు. మనకి 'మీరు' పెట్టుకుంటే గౌరవం తీరిపోతుంది. పుస్తకంలో 'దంగ్సిన్' అని ఇచ్చినా దాన్ని ప్రొఫెసర్ దగ్గర వాడకూడదు, అది భార్యాభర్తల మధ్యో, గొడవలోనో వినిపించే మాట. 'గ్యొసునిమ్' (ప్రొఫెసర్ గారు) అనో 'సొన్సెంగ్నిమ్' (మాస్టారు) అనో పిలిచి, వాక్యంలో 'మీరు' అనాల్సిన చోటల్లా మళ్లీ అదే పిలుపు పెట్టండి. సీనియర్ అయితే 'సొన్బె'. హోటళ్లలో పెద్దావిడని చాలామంది 'ఇమొ' అంటారు, అంటే పిన్ని. మనకది కొత్తేం కాదు. అయితే కొత్త ఊళ్లో కొత్తగా మాట్లాడుతున్నారు కాబట్టి ప్రస్తుతానికి యజమానిని పిలిచే 'సాజంగ్నిమ్' క్షేమం.

క్లాసులో అర్థమై బయట అర్థం కావట్లేదని కూడా రాశారు. అక్కడి యూనివర్సిటీ భాషా కేంద్రాల్లో మామూలుగా ఒక్కో లెవెల్ పది వారాలు, 200 గంటలు, మొత్తం ఆరు లెవెళ్లు. మీరు ఇంకా మొదటి రెండింట్లో ఉంటే బయట మాట అందకపోవడం సహజం, లోపం కాదు. డబ్బుల లెక్క మాత్రం త్వరగా నోటికి తెచ్చుకోండి, అద్దె మాట్లాడుకునేటప్పుడు కావాలి. వాళ్ల లెక్క పదివేలకి ఆగుతుంది, దాన్ని 'మన్' అంటారు. మన లక్ష వాళ్లకి పది మన్, అంటే ఐదు లక్షల 'వన్' (వాళ్ల కరెన్సీ) యాభై మన్. గంటలకి సొంత అంకెలు, నిమిషాలకి చైనా నుంచి వచ్చిన అంకెలు. ఇది వింతగా అనిపిస్తే ఒకటి, రెండు అనేవాళ్లమే ఏకవచనం, ద్విపాత్రాభినయం అని కూడా అంటాం కదా.

ప్రశ్న: మాది పెనుకొండ దగ్గర పల్లె. మా అమ్మాయి డిగ్రీలో కొరియన్ తీసుకుంటానంటోంది. ఇక్కడ కియా ఉంది కదా, ఉద్యోగం వస్తుందా?

జవాబు: కియా ఫ్యాక్టరీలో 2019లో ఉత్పత్తి మొదలైంది, దాని చుట్టూ విడిభాగాల కంపెనీలూ వచ్చాయి. శ్రీపెరుంబుదూరులో హ్యుందాయ్ ఉంది, శ్రీసిటీలో ఎల్‌జీ 2025లో ఫ్యాక్టరీ పనులు మొదలుపెట్టింది. కొరియన్ వచ్చినవాళ్ల అవసరం ఉన్నమాట నిజమే అమ్మా. కానీ ఒక సెమిస్టర్‌లో వచ్చేది పలకరింపులు, అంకెలు, చిన్న వాక్యాలు. మీటింగులో కొరియన్ ఇంజినీరు చెప్పింది ఇక్కడివాళ్లకి విడమరిచి చెప్పాలంటే నాలుగైదేళ్ల గట్టి చదువు కావాలి. నా మాటగా చెబుతున్నాను, భాష ఒక్కటే నమ్ముకోకుండా కామర్స్ గానీ, ఇంజినీరింగ్ గానీ, హెచ్‌ఆర్ గానీ ఏదో ఒకదానికి కొరియన్ తోడుగా చదివించండి. భాషే వృత్తిగా చేసుకోవాలని గట్టిగా ఉంటే ఢిల్లీ జేఎన్‌యూలో బీఏ నుంచి పీహెచ్‌డీ దాకా కొరియన్ ఉంది, అటు ప్రయత్నించమనండి.

ప్రశ్న: ఇన్ని పోలికలు ఉన్నాయి కదా, తెలుగు, కొరియన్ ఒకే కుటుంబమా?

జవాబు: 20వ శతాబ్దం మొదట్లో కొరియాలో ఉన్న హోమర్ హల్బర్ట్ అనే అమెరికన్ మిషనరీ ద్రావిడ భాషలకీ కొరియన్‌కీ చుట్టరికం కలిపాడు. ఇవాళ భాషాశాస్త్రవేత్తలు దాన్ని ఒప్పుకోరు. వాక్య నిర్మాణం కలిసినంత మాత్రాన చుట్టాలు కారు. మీరు నేర్చుకోవడానికి మాత్రం ఆ కలయిక చాలు.

ప్రశ్న: సర్టిఫికెట్ కోర్సు అయ్యాక టోపిక్ (కొరియన్ భాషా ప్రావీణ్య పరీక్ష) రాయొచ్చా?

జవాబు: రాయొచ్చు, టోపిక్-1 రాయండి. వినడం 30 ప్రశ్నలు 40 నిమిషాలు, చదవడం 40 ప్రశ్నలు 60 నిమిషాలు, మొత్తం 200 మార్కులు. 80 వస్తే మొదటి లెవెల్, 140 వస్తే రెండోది. సొంతంగా వాక్యాలు రాసే భాగం ఇందులో ఉండదు, పై స్థాయి టోపిక్-2లోనే ఉంటుంది. మొదటి లెవెల్‌కి సుమారు 800 మాటలు కావాలి. వాటిని విడివిడిగా కాకుండా గుంపులుగా పట్టుకోండి. 'హక్' అంటే చదువు, దాంతో 'హక్సెంగ్' విద్యార్థి, 'హక్క్యొ' బడి, 'దెహక్' యూనివర్సిటీ, 'బంగ్హక్' సెలవులు, 'యుహక్' విదేశీ చదువు, ఒక మూలం తెలిస్తే అరడజను మాటలు వెంట వస్తాయి. చాలామంది తెలుగు పిల్లలకి చదవడం కంటే వినడం దగ్గరే మార్కులు పోతాయి కాబట్టి పాత పేపర్ల ఆడియో రోజూ కాసేపు పెట్టుకుని, విన్న వాక్యాన్ని ఆపి కొరియన్ లిపిలోనే రాసి సరిచూసుకోండి. ఫలితం రెండేళ్లే చెల్లుతుంది, అందుకని స్కాలర్‌షిప్‌కో ఉద్యోగానికో ఎప్పుడు కావాలో చూసుకుని అప్పుడు ఫీజు కట్టండి.