తల్లీ, ట్రైనింగ్‌లో ముందు జనాన్ని మాట్లాడనివ్వు

తల్లీ,

నీ మెసేజ్ రాత్రే చూశాను, పొద్దున్నే ఓపిగ్గా రాద్దామని ఆగాను. కమ్యూనిటీ పోలీసింగ్, అంటే జనంతో కలిసి పోలీసు పని చెయ్యడం, దాని మీద మనవాళ్ళకి ట్రైనింగ్ పెట్టమని ఎస్పీ గారు నీకు అప్పజెప్పారు, పక్క టౌన్‌లో పీజీ కాలేజీ సోషల్ వర్క్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు కలిసి చేస్తామన్నారు, బాబాయ్ ఎక్కడ మొదలెట్టాలి అన్నావు. చాలా సంతోషమేసిందమ్మా. మీ నాన్నా నేనూ ఒకే బ్యాచ్, ఈ పని మా ఇద్దరికీ ఎంత ఇష్టమో నీకు తెలుసుగా.

నువ్వు పంపిన ప్లాన్ చదివాను. రెండు రోజులు ఫంక్షన్ హాల్లో, పొద్దున ముఖ్య అతిథి ప్రసంగం, తర్వాత ప్రొఫెసర్ గారి పీపీటీ, భోజనాలు, సర్టిఫికెట్లు, గ్రూప్ ఫోటో. ఇది మార్చెయ్ తల్లీ. నైట్ బీట్ చేసి పొద్దున ఆరింటికి పాయింట్ బుక్కులు అప్పజెప్పిన కుర్రాడిని తొమ్మిదింటికి ఏసీ హాల్లో కూర్చోబెడితే నిద్రపోతాడు, వాడి తప్పేం కాదు. క్లాసున్న ముందురోజు రాత్రి వాళ్ళకి డ్యూటీ వెయ్యొద్దని మీ సీఐ గారితో ఇప్పుడే మాట్లాడు. మనం మర్యాద నేర్పాలనుకున్న వాడికి ముందు మనం ఇవ్వాల్సిన మర్యాద అదేగా.

హాలు వద్దు, ఏదో ఒక ఊళ్ళో స్కూలు వరండా చాలు. పాఠం చెప్పేది ముందు జనం, ప్రొఫెసర్ గారు తర్వాత. నేను సర్కిల్‌లో ఉన్నప్పుడు ఒకసారి ఇలాగే పెట్టి, చేపలమ్ముకునే ఆవిడని పిలిచాం, యాభై దాటుంటాయి. చీటీ డబ్బులు ఎగ్గొట్టారని కంప్లైంట్ ఇవ్వడానికి మూడుసార్లు స్టేషన్ దాకా వచ్చి తిరిగెళ్ళిపోయిన మనిషి. నేనేం చెప్పాలి బాబూ అని సిగ్గుపడింది, ఏం చెప్పొద్దమ్మా, ఆ రోజు స్టేషన్‌కి ఎలా వచ్చావో నడిచి చూపించు చాలు అన్నా. గుమ్మం దగ్గర్నించి మొదలెట్టింది. ఇక్కడ చెప్పులిడిచా అని నిజంగానే చెప్పులు విడిచింది, ఇదిగో ఇక్కడ సెంట్రీ బాబు తుపాకీ పట్టుకుని ఎందుకొచ్చావన్నాడు, నాకు నోట మాట రాలా, వెళ్ళి చెట్టు కింద నిలబడ్డా, లోపల ఎవరో ఎవరిమీదో గట్టిగా అరుస్తున్నారు, కాగితం కొంగున ముడేసుకున్నా, చెమటకి తడిసి అక్షరాలన్నీ అలుక్కుపోయినయ్, ఇంకేమని లోపలికెళ్తా, ఇంటికెళ్ళిపోయా అని కొంగు ముడి విప్పి ఉత్త చెయ్యి చూపించింది. ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి మా స్టేషన్ రైటర్ ఒక్కడే అడిగాడు, ఆ కాగితం ఎవరు రాసిచ్చారమ్మా అని. మండలాఫీసు బయట ఒకాయనకి యాభై రూపాయలిచ్చి రాయించుకుందంట. వారం తిరక్కుండా సెంట్రీ పక్కన ఒక బెంచీ వేశాం, మంచినీళ్ళ కుండ పెట్టాం, చదువు రాని వాళ్ళకి కంప్లైంట్ ఉచితంగా రాసిపెట్టడానికి ఒక పీసీని, అదే కానిస్టేబుల్‌ని, కూర్చోబెట్టాం. ఆర్డర్ కాగితం లేకుండా జరిగిన పని అది. ఆవిడ నడిచిన దారిలోనే మావాళ్ళని కూడా ఒక్కొక్కర్నీ మఫ్టీలో నడిపించా, అప్పుడు గానీ వాళ్ళకి ఆ గుమ్మం ఎంత ఎత్తుందో అర్థం కాలేదు.

ఇక కమిటీ సంగతి. ఉమ్మడి రాష్ట్రంలో పోలీసులూ జనం కలిసి కమిటీలుగా కూర్చునే మైత్రి కార్యక్రమం వచ్చినప్పుడు నేను చేసిన తప్పు నువ్వు చెయ్యకు. ఒక స్టేషన్‌లో కమిటీకి పేర్లు పంపమంటే సాయంత్రానికల్లా లిస్టు వచ్చింది, నేను చూసీ చూడకుండా సంతకం పెట్టా. రైస్ మిల్లాయన, ఇద్దరు కాంట్రాక్టర్లు, మిగతావాళ్ళు పార్టీల వాళ్ళు. ఆరు నెలలు తిరిగేసరికి పిటిషన్ ఇవ్వాలంటే ముందు మెంబర్ ఇంటికెళ్ళాలి అనే పరిస్థితి వచ్చింది, ఆ పేదోళ్ళ ఉసురు నాకు తగిలిందనే ఇప్పటికీ అనుకుంటా. నువ్వు మాత్రం పోయిన ఏడాది పిటిషన్ రిజిస్టర్ ముందేసుకుని కూర్చో. ఏ వీధి నుంచి ఎక్కువ వచ్చాయి, ఏ కాలనీ నుంచి అసలు ఒక్కటీ రాలేదు చూడు, ఒక్కటీ రాని చోట గొడవల్లేవని కాదు, మన మీద నమ్మకం లేదని అర్థం. మనుషుల్ని అక్కణ్ణించే తీసుకో, డ్వాక్రా లీడరు, ఆశా, ఆటో స్టాండు కుర్రాడు, టీ కొట్టు ఆయన, మసీదు వీధిలో ఒకరు, ఎస్సీ కాలనీలో ఒకరు. కేసులున్న వాళ్ళూ పార్టీ పదవులున్న వాళ్ళూ వద్దు. ఏడాదికి సగం మందిని మార్చు.

మహారాష్ట్రలో భివండీ సంగతి మీవాళ్ళకి తప్పకుండా చెప్పించు. మన కరీంనగర్, నల్గొండ పద్మశాలీలు ఎంతమంది అక్కడ మరమగ్గాల మీద బతుకుతున్నారో తెలుసుగా. 1970లో, 1984లో ఆ ఊరు మతకలహాల్లో తగలబడింది. తర్వాత సురేష్ ఖోపడే గారు అక్కడ డీసీపీగా వచ్చి మొహల్లా కమిటీలు, అంటే పేటల వారీ కమిటీలు, పెట్టించారు, హిందువులూ ముస్లింలూ పోలీసులూ ఒకచోట కూర్చుని నల్లా గొడవలు, సందు గొడవలు లాంటి చిన్నచిన్నవే మాట్లాడుకునేవాళ్ళు. 1992 డిసెంబర్‌లో, తర్వాత జనవరిలో బొంబాయి మండిపోతుంటే పక్కనే ఉన్న భివండీ ప్రశాంతంగా ఉంది. రోజువారీ నల్లా గొడవల్లో కూర్చున్న కానిస్టేబుల్ మాటని ఆ రోజున జనం విన్నారమ్మా, నాకు తెలిసి ట్రైనింగ్ అంటే అదే.

కేరళ పోలీసుల జనమైత్రి పథకం కూడా చూడు. 2008లో 20 స్టేషన్లతో మొదలెట్టారు, ఒక్కో బీట్‌కి, అంటే ఒక పోలీసు తిరిగే ప్రాంతానికి, సుమారు 500 ఇళ్ళు, బీట్ ఆఫీసర్ ప్రతి ఇంటికీ వెళ్ళి మనుషుల్ని పరిచయం చేసుకోవాలి. మనకి ఇది ఎక్కడ దెబ్బతింటుందో నీకూ తెలుసు, బందోబస్తు. ట్రైనింగ్ అయిన పీసీని మర్నాడే వీఐపీ డ్యూటీకి, సమన్లకి పంపిస్తే వాడు నేర్చుకున్నది ఏం చేసుకుంటాడు? అందుకని క్లాసులకంటే ముందు ఎస్పీ గారి దగ్గర ఒక్క మాట తీసుకో, ట్రైన్ అయిన వాళ్ళని కనీసం ఏడాది పాటు ఆ బీట్ నుంచి కదపకూడదని. ఆ మాట దొరక్కపోతే పది మందికి బదులు నలుగురికే ట్రైనింగ్ ఇవ్వు, ఆ నలుగురినైనా నిలబెట్టుకో.

కాలేజీ వాళ్ళతో ఎంఓయూ, అదే ఒప్పంద పత్రం, రాసుకునేటప్పుడు మొహమాటపడకు. పిల్లలు ప్రాజెక్టు వర్క్ కోసం ఇళ్ళకి వెళ్తారు, మంచిదే, ఆడపిల్లలు వెళ్తే ఇంట్లో ఆడవాళ్ళు మనకి చెప్పనివి చెప్తారు. కానీ బాధితుల పేర్లు, ఫోటోలు బయటికి పోకూడదు, స్టేషన్ రికార్డులు వాళ్ళ చేతికి ఇవ్వకూడదు, ఎవరైనా దెబ్బలు తింటున్నానని చెప్తే అదే రోజు నీకు ఫోన్ రావాలి, ఇవన్నీ రాతలో ఉండాలి. భోజనాలకి ఊళ్ళో షావుకారు డబ్బులిస్తానంటే వద్దను, రేపు ఆయన కొడుకు తాగి బండి నడిపి దొరికితే నీ చెయ్యి లేవదు. చట్టం క్లాసుకి జిల్లా న్యాయ సేవాధికార సంస్థని అడుగు, లాయర్లని పంపిస్తారు. 2024 జులై 1 నుంచి కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చాయి కదా, జనానికీ మనవాళ్ళకీ ఒకే బల్ల మీద చెప్పించు. ఆడవాళ్ళని, 15 ఏళ్ళ లోపు మగపిల్లల్ని, 60 దాటిన మగవాళ్ళని సాక్ష్యం చెప్పమని స్టేషన్‌కి రప్పించకూడదు, వాళ్ళుండే చోటికే మనం వెళ్ళాలి. నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా ఎఫ్ఐఆర్ కట్టాలి, కాపీ ఉచితంగా ఇవ్వాలి. జనం ఎదురుగా ఈ మాటలు విన్న కానిస్టేబుల్ రేపు అదే జనానికి మా లిమిట్స్ కాదు పొమ్మని చెప్పలేడు. సైబర్ మోసాలకి బ్యాంకు మేనేజర్‌ని పిలువు, సైబర్ హెల్ప్‌లైన్ 1930కి ఎలా ఫోన్ చెయ్యాలో అక్కడికక్కడే ముసలివాళ్ళ చేత నంబరు నొక్కించి చూపించమను, నిజంగా కాల్ మాత్రం కలపొద్దు.

పైవాళ్ళు ఎంతమంది హాజరయ్యారని అడుగుతారు, ఆ లెక్క పంపించెయ్. నీ కోసం మాత్రం ఇంకో లెక్క పెట్టుకో. మూడు నెలల తర్వాత రిజిస్టర్లోంచి పది పిటిషన్లు తీసి, వాళ్ళ ఇళ్ళకి నువ్వే మఫ్టీలో వెళ్ళు. మళ్ళీ అవసరం వస్తే స్టేషన్‌కి ఒంటరిగా వస్తావా, ఎవరినైనా తోడు తెచ్చుకుంటావా అని అడుగు. ఒంటరిగా వస్తానన్న వాళ్ళు ఎంతమందో రాసుకో.

మొదటి క్లాసు ఏ ఊళ్ళో పెడుతున్నావో చెప్పు, పొద్దున బస్సుకి వచ్చేస్తాను. వేదిక మీద కుర్చీ వెయ్యొద్దు, మీ హెడ్ కానిస్టేబుళ్ళ పక్కన చాప మీద కూర్చుంటాను. మీ పిన్ని నీకు గోంగూర పచ్చడి పెట్టిచ్చింది, అది కూడా తెస్తాను.

మీ బాబాయ్